గడప లోపల నిలబడే హక్కు

1951 సెప్టెంబర్‌లో బాబాసాహెబ్ న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేసిన దగ్గర గత భాగం ఆపాను. అది చదివిన మా డిగ్రీ విద్యార్థిని ఒకమ్మాయి క్లాసయ్యాక అడిగింది: "మేడమ్, హిందూ కోడ్ బిల్లు అప్పుడే పాసై ఉంటే మన పేట ఆడవాళ్ళకి ఏం ఒరిగేది?"

వెంటనే జవాబు రాలేదు. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

1990లలో సంగతి. రాత్రి దెబ్బలు తిని, ఒక పిల్లని చంకనేసుకుని, ఇంకొకణ్ణి నడిపించుకుంటూ వచ్చి చర్చి అరుగు మీద కూర్చునేది. తెల్లారాక పెద్దలొచ్చి సర్దిచెప్పి పంపేవాళ్ళు. తాతయ్య టౌనుకెళ్ళి వకీలుని అడిగితే, "కొడుతున్నాడు సరే, ఇంకో ఆడమనిషితో ఉంటున్నట్టు రుజువుందా?" అన్నాడట. వెటకారమనుకున్నాం. కాదు, చట్టమే అది. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి విడాకుల చట్టంలో మగవాడు భార్య వ్యభిచారం ఒక్కటి రుజువు చేస్తే చాలు. ఆడమనిషి మాత్రం దానికి క్రూరత్వాన్నో, రెండేళ్ళు వదిలేసి పోవడాన్నో జతచేసి చూపించాలి. ఒట్టి దెబ్బలు సరిపోవు. విక్టోరియా రాణి కాలపు ఆ షరతు 2001లో గానీ పోలేదు. కోస్తా పేటల్లో ఆదివారం చర్చికి వెళ్ళే మన కుటుంబాల దాకా హిందూ కోడ్ వచ్చేదే కాదు.

హిందువులుగా లెక్కలో ఉన్నవాళ్ళ మాటేమిటి? 1946 చట్టం ప్రకారం, భర్త క్రూరత్వం భరించలేని భార్య విడిగా ఉండి మనోవర్తి అడగొచ్చు. విడిగా అంటే ఎక్కడ? మేడలున్న పుట్టిళ్ళకు ఆ ప్రశ్న లేదు. మనవి ఒంటిగది ఇళ్ళు. 1955లో విడాకుల హక్కు వచ్చింది. అది పైకులాలకు కొత్త. శూద్రకులాల్లో విడాకులు ఆచారంగా ఎప్పటినుంచో ఉన్నాయని బాబాసాహెబే సభలో గుర్తుచేశారు. మన పేటల్లోనూ తెగతెంపులు, మారుమనువులు ఉండేవి. (అదో స్వర్ణయుగమని మనవాళ్ళే కొందరు రాస్తున్నారు. ఆ పంచాయితీల్లో కూర్చున్న పెద్దలంతా మగవాళ్ళేనన్న సంగతి కూడా రాయండి.) 1983లో 498ఎ వచ్చి భర్త క్రూరత్వాన్ని నేరం చేసింది, మూడేళ్ళ దాకా జైలు. సరే, కేసు పెట్టిన రాత్రి ఆమె ఎక్కడ పడుకోవాలి?

అన్నీ బయటికి పోయే దారులే. లోపల నిలబడే హక్కు 2005 గృహహింస చట్టంతో వచ్చింది. 2006 అక్టోబర్ 26న అమల్లోకొచ్చింది. ఇంటి మీద ఆమెకు యాజమాన్యం ఉన్నా లేకపోయినా, ఉమ్మడిగా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కుందని 17వ సెక్షన్ చెబుతుంది. మతం అడగదు. కొట్టడమే కాదు, తిట్టడం, ఇంటి ఖర్చుకి డబ్బివ్వకుండా మాడ్చడం కూడా హింసే. పిల్లల తాత్కాలిక కస్టడీ ఆమెకివ్వొచ్చు. పిల్లలే బాధితులైతే వాళ్ళ స్కూలుకి రావద్దని అతన్ని ఆదేశించొచ్చు. మెజిస్ట్రేటుకి దరఖాస్తు ఆమె పెట్టుకోవచ్చు, ఆమె తరఫున మరెవరైనా పెట్టొచ్చు. ఇది కార్యకర్తలు గుర్తుపెట్టుకోవాలి. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. ఆ 60 ఎంత సాగుతుందో కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకి తెలుసు.

రెండు నెలలైనా తిరగలేదు. 2006 డిసెంబర్‌లో బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తగారి పేరున ఉన్న ఇంట్లో కోడలికి ఈ హక్కు లేదంది. కేసు ఢిల్లీది, దెబ్బ మన కాలనీలకి. మన దగ్గర ఇళ్ళస్థలాల పట్టాలు చాలాకాలంగా ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నారు. మంచిదే. కానీ కొడుకు కాపురముండే ఇంటి పట్టా చాలాచోట్ల ఎవరి పేరున ఉంటుంది? అత్త పేరున. 2020 అక్టోబర్‌లో సతీష్ చందర్ అహూజా కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు తప్పని చెప్పేదాకా 14 ఏళ్ళు గడిచాయి.

పెద్దమ్మకి ఇప్పుడు సొంత పట్టా ఉంది. మొన్న క్రిస్మస్‌కి వెళ్తే కోడలి మీద కోపంతో, "ఇల్లు నాది, పొమ్మంటే పోవాల్సిందే" అంటోంది. పక్కన కూర్చుని 17వ సెక్షన్ చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు.

"ఆ పిల్లకి కూడా చెప్పావా ఏంటి?" అంది.

చెప్పాను.

జై భీమ్.