ఈథ్0 కనబడని రోజులు

లినక్స్‌లో సౌండు కార్డు పలకకపోతే పాటలు లేకుండా గడిపేయొచ్చు. ప్రింటరు మొరాయిస్తే వీధి చివర జిరాక్స్ షాపు ఉండనే ఉంది. నెట్‌వర్క్ కార్డుకు డ్రైవరు ఎక్కకపోతే మాత్రం చిక్కు వేరు. తెచ్చుకోవాల్సిన ఫైలూ, అడగాల్సిన సలహా రెండూ నెట్‌లోనే ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైబడిన ఈ తంటా చరిత్ర తిరగేస్తే, కార్డు నిజంగా చెడిపోయిన సందర్భాలు తక్కువే. కార్డు గుట్టు ఎవరి దగ్గర ఉంది, వాళ్లు దాన్ని కెర్నెల్‌కు చెప్పారా లేదా అన్నదే దాదాపు ప్రతిసారీ అసలు తగువు.

లైనస్ టోర్వాల్డ్స్ 1991లో విడుదల చేసిన తొలి కెర్నెల్‌కు నెట్‌వర్క్ ఊసే లేదు. తర్వాత రాస్ బైరో, ఫ్రెడ్ వాన్ కెంపెన్, అలన్ కాక్స్ ఒకరి చేతి నుంచి ఒకరు అందుకుని టీసీపీ/ఐపీ భాగాన్ని నిలబెట్టారు. కార్డుల భారం చాలావరకు డొనాల్డ్ బెకర్ మీద పడింది. నాసా గొడార్డ్ కేంద్రంలో 1994లో ఆయనా, థామస్ స్టెర్లింగూ 16 మామూలు 486 పీసీలను కలిపి బేవుల్ఫ్ క్లస్టర్ కట్టారు. అలాంటి క్లస్టర్‌కు చౌక కార్డులు కావాలి, చౌక కార్డులకు డ్రైవర్లు కావాలి. ఎన్ఈ2000 నకళ్లు, 3కామ్ 3సీ509, డెక్ ట్యూలిప్ లాంటివి లినక్స్‌లో పనిచేయడానికి ఆయన రాసిన కోడే ఆధారం.

ఆనాటి ఐఎస్ఏ కార్డు తానెవరో చెప్పుకోదు. ఐఆర్‌క్యూ ఎంత, ఐఓ అడ్రసు ఎంత అన్నది జంపర్లతో మనమే కుదిర్చి, ఆ అంకెలను మనమే కెర్నెల్‌కు చెప్పాలి. చెప్పకపోతే కెర్నెల్ తనకు తెలిసిన అడ్రసులన్నీ తడిమేది. ఆ తడమడంలో ఇంకేదో కార్డును కదిలించి మెషీను బిగుసుకుపోయేది కూడా. రెండో కార్డు పెడితే దాన్ని వెతికేదే కాదు, బూట్ లైన్లో 'ఈథర్=' అని రాసి గుర్తుచేయాలి. జంపర్లు లేని కార్డులది మరో తమాషా: వాటి సెట్టింగు మార్చే ప్రోగ్రాము చాలాసార్లు డాస్‌లోనే నడిచేది. లినక్స్‌లో నెట్ రావాలంటే ముందు డాస్ ఫ్లాపీతో బూట్ చేయాల్సి వచ్చేదన్నమాట.

1995 మార్చిలో వచ్చిన 1.2 నాటికి డ్రైవర్లను మాడ్యూళ్లుగా విడదీసి, నడుస్తున్న కెర్నెల్‌లోకి ఎక్కించే వీలు కుదిరింది. కార్డు మార్చిన ప్రతిసారీ కెర్నెల్ మొత్తం కంపైల్ చేసే బాధ తప్పింది. బదులుగా కొత్త రకం తికమక వచ్చింది. మాడ్యూల్ ఎక్కించే ఇన్స్‌మాడ్ ఆదేశం కొట్టగానే 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అని జవాబు. అక్కడ ఏదో పరికరం తీరిక లేకుండా ఉందని అర్థం చేసుకుంటే దారి తప్పినట్టే. ఆ అడ్రసులో అసలు కార్డే లేకపోయినా అదే మాట వచ్చేది. ఎన్ఈ2000 కార్డుల ఎన్ఈ మాడ్యూల్‌కైతే 'ఐఓ=' విలువ ఇవ్వక తప్పదు, అది తనంతట తాను వెతకదు.

పీసీఐ వచ్చాక కార్డుకు నోరొచ్చింది. ప్రతి కార్డూ తయారీదారు అంకె, పరికరం అంకె చెబుతుంది. ఇంటెల్ తన పాత ప్రాసెసర్ పేరైన 8086నే పెట్టుకుంది, ఆ మాత్రం గర్వం ఉండదా! రియల్‌టెక్‌ది 10ఈసీ. 2000 ప్రాంతంలో మన దగ్గర అసెంబుల్ చేయించిన పీసీల్లో విరివిగా కనబడిన చవక కార్డులు ఆ కంపెనీ 8139 చిప్ మీద ఆధారపడినవే. డీ-లింక్ పేరుతో వచ్చిన డీఎఫ్ఈ-538టీఎక్స్ లోపలా అదే చిప్. అందుకే పెట్టె మీది పేరు కాకుండా ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం చూపే అంకెలే నమ్మాలన్న అలవాటు స్థిరపడింది.

అంకెలు తెలిసినంత మాత్రాన కథ ముగియలేదు. 2001 జనవరిలో 2.4 కెర్నెల్ వచ్చేసరికి బెకర్ రాసిన ఆర్‌టీఎల్8139 స్థానంలో జెఫ్ గార్జిక్ చేపట్టిన 8139టూ నిలిచింది. పాత కాన్ఫిగరేషన్ ఫైలులో పాత పేరే ఉంటే మాడ్యూల్ దొరకదు, కార్డు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇక 8139సీ+ అనే మెరుగైన చిప్ అవే అంకెలు చెప్పుకుని, రివిజన్‌లో మాత్రమే తేడా చూపేది. దానికి 8139సీపీ అనే వేరే మాడ్యూల్. రెండిట్లో తనది కాని కార్డు తగిలినది, ఫలానా దాన్ని వాడమని కెర్నెల్ లాగ్‌లో రాసి పక్కకు తప్పుకుంటుంది. అంత మర్యాదగల డ్రైవర్లు అరుదు.

వైర్‌లెస్ కాలంలో ఆ మర్యాద పోయింది. కొన్ని చిప్ కంపెనీలు వివరాలు ఇవ్వలేదు. 2003 ప్రాంతంలో వచ్చిన ఎన్డిస్‌వ్రాపర్, విండోస్ డ్రైవరునే లినక్స్ కెర్నెల్‌లో నడిపించేది. పనైతే జరిగేది కానీ, అది కుప్పకూలితే కారణం వెతికే దారి లేదు. కెర్నెల్ మీద 'టెయింటెడ్' అని ముద్ర పడితే డెవలపర్లు ఆ ఫిర్యాదు పట్టించుకునేవారు కారు. నా దృష్టిలో ఎన్డిస్‌వ్రాపర్ వాడుకరికి ఉపకారం, లినక్స్‌కు ఆలస్యం. బ్రాడ్‌కామ్ చిప్‌ల విషయంలో స్వచ్ఛంద కార్యకర్తలు కష్టమైన దారి పట్టారు. కంపెనీ డ్రైవరును విప్పి చదివినవారు వివరణ పత్రం రాస్తే, ఆ డ్రైవరు ముఖం చూడనివారు దాన్ని బట్టి కొత్త కోడ్ రాశారు. అది 2006 జూన్‌లో 2.6.17లో చేరింది. రెండేళ్లకు అథెరోస్ తానే ఏటీహెచ్9కే డ్రైవరును బయటపెట్టింది. బ్రాడ్‌కామ్ 2010 దాకా ఆగింది.

ఈ వరసకు లొంగని ఉదంతం 2008లో జరిగింది. పరీక్షలో ఉన్న 2.6.27 కెర్నెల్‌తో బూట్ చేసిన కొన్ని మెషీన్లలో ఇంటెల్ కార్డులు ఇక లేవలేదు. కార్డు తన వివరాలు దాచుకునే ఎన్‌వీఎం మెమరీయే చెరిగిపోయింది. పాత కెర్నెల్‌కు తిరిగి వెళ్లినా లాభం లేదు. సహజంగానే అనుమానం ఈ1000ఈ డ్రైవరు మీదికి వెళ్లింది. పంపిణీదారులు దాన్ని ఆపేశారు. ఎన్‌వీఎంలో ఉన్నది ఈథ్‌టూల్‌తో ముందే భద్రపరుచుకోమన్న సలహా తిరిగింది. దోషి మరొకచోట దొరికింది. ఎఫ్‌ట్రేస్ అనే ట్రేసింగ్ సదుపాయం, కోడ్‌లో తాను తర్వాత మార్చాల్సిన చోట్లను ముందే రాసి పెట్టుకుంటుంది. ఆ కోడ్ ఉన్న మెమరీ ఖాళీ అయ్యి, అదే చిరునామా కార్డు మెమరీకి దక్కింది. ఎఫ్‌ట్రేస్ ఆ చోటును మార్చబోతూ, అక్కడి విలువ సరిపోలితేనే మార్చమన్న సూచన ఇచ్చినా, ప్రాసెసర్ సరిపోలనప్పుడు కూడా పాత విలువనే తిరిగి రాస్తుంది. మామూలు మెమరీలో అది హాని చేయదు, ఇక్కడ కార్డునే చంపింది. స్టీవెన్ రోస్టెట్ తన ఎఫ్‌ట్రేసే కారణమని తేల్చారు. అక్టోబరులో 2.6.27.1 ఆ సదుపాయాన్ని నిలిపేసింది. తప్పు కనబడిన మాడ్యూలే తప్పు చేసిందని అనుకోరాదనడానికి దీన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు.

2013 జనవరిలో సిస్టమ్‌డీ 197 పేర్ల పద్ధతి మార్చింది. మొదటి కార్డుకు కెర్నెల్ ఇచ్చే ఈథ్0 అనే పేరు పోయి, కార్డు ఏ స్లాటులో ఉందో చెప్పే ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేర్లొచ్చాయి. పాత స్క్రిప్టులు ఈథ్0 కోసం వెతికి, నెట్ లేదని తేల్చేవి.

ఇప్పుడు డ్రైవరు కెర్నెల్‌లోనే ఉన్నా, కార్డులోకి దింపాల్సిన ఫర్మ్‌వేర్ విడిగా ఉండటం మామూలైంది. డెబియన్ 2011లో స్వేచ్ఛ లేని ఫర్మ్‌వేర్‌ను కెర్నెల్ నుంచి తీసేసింది, 2022 ఓటింగు తర్వాత 2023 జూన్‌లో వచ్చిన 12వ వెర్షన్ ఇన్‌స్టాలర్‌లో మళ్లీ చేర్చింది. సిద్ధాంతవాదులు నొచ్చుకున్నారు, ల్యాప్‌టాప్ కొన్నవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. లాగ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదని కనబడితే ఫోనును యూఎస్‌బీకి తగిలించి టెథరింగ్ పెట్టడం నేటి సులువు. దానికి కావాల్సిన మాడ్యూల్ సాధారణంగా తానే ఎక్కుతుంది. మిగిలిన మొండి సమస్య, సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే సెక్యూర్ బూట్. కంపెనీ డ్రైవరును, కెర్నెల్ మారినప్పుడల్లా మాడ్యూల్‌ను మళ్లీ కట్టే డీకేఎంఎస్‌తో కట్టుకున్నా, తాను నమ్మే సంతకం లేదని కెర్నెల్ తోసిపుచ్చుతుంది. మోక్‌యుటిల్‌తో మన కీని నమోదు చేసి, రీబూట్‌లో వచ్చే తెర మీద పాస్‌వర్డ్ కొట్టి ఒప్పించాలి. తర్వాత కెర్నెల్ మారినప్పుడు హెడర్ల ప్యాకేజీ కూడా వచ్చిందో లేదో చూసుకోవాలి, అది లేకపోతే డీకేఎంఎస్ కొత్త మాడ్యూల్ కట్టలేదు.