పాలూ పంపకాలూ: బ్రూస్‌పేట నుంచి తుంగభద్ర దాకా

బళ్లారి ఊళ్లో బ్రూస్‌పేట అనే పేరు వినగానే కొత్తవారు కొంచెం తడబడతారు. పేట మనది, బ్రూస్ మనవాడు కాడు. ఒకప్పుడు ఇక్కడ జిల్లా జడ్జిగా పనిచేసిన పీటర్ బ్రూస్ పేరు మీద ఈ పేట వెలసింది. కలెక్టరు మెల్లరు పేరు మీద ఇంకో పేట ఉండేది. దండు వెంట వచ్చిన వర్తకులతో పెరిగిన మూడో భాగం కౌల్‌బజారు. ఈ మూడో పేరులోని మాట మనకు కావలసింది. కౌలు అంటే అరబ్బీలో నోటిమాట, ఇచ్చిన మాట. అది పారసీ, ఉర్దూల గుండా వచ్చి తెలుగులో పొలం అనుభవించడానికి ఇచ్చే ఒప్పందం అయింది. సొత్తు ఒకరిదీ, అనుభవం ఇంకొకరిదీ అయినచోట పుట్టే మాట అది. బళ్లారి చరిత్ర చదువుతుంటే ఈ మాట పదే పదే గుర్తుకొస్తుంది.

భాషాశాస్త్రం చదివినవాణ్ణి కనుక ఇంకో రెండు మాటలు చెప్పి అసలు విషయానికి వస్తాను. తెలుగు ‘పంచు’ కన్నడంలో ‘హంచు’. పాతకన్నడ పకారం హకారంగా మారినప్పుడు వచ్చిన తేడా ఇది. మన ‘పులి’ వాళ్ల ‘హులి’, మన ‘పువ్వు’ వాళ్ల ‘హూవు’. అయితే తెలుగులో ‘పాలు’ అన్న మాటకు క్షీరమనీ వాటా అనీ రెండర్థాలూ ఉన్నాయి కదా. కన్నడం క్షీరాన్ని ‘హాలు’ చేసుకుంది, వాటాను మాత్రం ‘పాలు’గానే ఉంచుకుంది. ఎందుకు ఉంచుకున్నదో పండితులు తేల్చుకోవలసిన విషయం. నాకు తెలిసినంతలో బ్రూస్‌పేట ఇళ్లలో ‘అన్నదమ్ములు పాలు పంచుకున్నారు’ అంటే ఏ భాషవాడికీ వివరించి చెప్పనక్కరలేదు.

మా పెద్దల కాలం నాటి ఒక భాగపరిష్కార పత్రం నా దగ్గర ఉంది. రాత తెలుగు. సాక్షుల సంతకాలు కొన్ని కన్నడంలో, ఒకటి ఉర్దూలో. ఇల్లు, దొడ్డి, అంగడి, ఇత్తడి సామాను అన్నీ వరుసగా భాగాలు వేసి, చివర ‘బావి ఉమ్మడి’ అని ఒక పంక్తి రాశారు. చిన్నప్పుడు దాన్ని పట్టించుకోలేదు. తర్వాత పంపకాల చరిత్ర చదివేకొద్దీ ఆ ఒక్క పంక్తే పత్రమంతటికంటే ముఖ్యంగా కనిపించసాగింది. ఏ పంపకంలోనైనా ముక్కలు చేయరాని వస్తువు ఒకటి మిగులుతుంది. తగవు దానిదగ్గరే మొదలవుతుంది.

ఈ జిల్లాయే ఒక చెల్లింపు కింద చేతులు మారిన ఆస్తి. 1792, 1799 సంవత్సరాల ఒడంబడికలతో మైసూరు నుంచి తనకు దక్కిన సీమను నిజాము 1800లో కుంపిణీకి ధారాదత్తం చేశాడు. తన రక్షణకు ఉంచిన సైన్యం ఖర్చు రొక్కంగా ఇవ్వడానికి బదులు నేల ఇచ్చాడు. ఇప్పటి వ్యాపార పరిభాషలో బాకీకి బదులు ఆస్తి బదలాయింపు అంటారు. ‘దత్త మండలాలు’ అన్న పేరు అక్కడిది. దత్తం అంటే ఇవ్వబడినది. ఎవరు ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో ఆ పేరులో లేదు, అక్కడ ఉండేవాళ్లను అడిగారా అన్నది అసలే లేదు. 1928లో నంద్యాలలో ఆ పేరు తీసేసి రాయలసీమ అని పెట్టాలని సూచించినవారు చిలుకూరి నారాయణరావుగారు. ఆయన కూడా భాషా చరిత్రకారుడే కావడం మా వృత్తివాళ్లకు కొంత గర్వకారణం.

దత్త మండలాలకు థామస్ మన్రో 1807 దాకా ప్రధాన కలెక్టరు. 1808లో ఆ సీమను బళ్లారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. 1882లో బళ్లారి నుంచి అనంతపురం విడిపోయింది. ఇవన్నీ ఒకే యజమాని ఇంట్లో గదులు మార్చుకోవడం వంటివి, పెద్దగా గొడవ లేదు. అసలు గొడవ 1953లో వచ్చింది.

పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణాలు విడిచాక ఆంధ్రరాష్ట్రం తప్పనిసరి అయింది. ఆర్థిక వ్యవహారాలు తేల్చడానికి జస్టిస్ వాంఛూ వచ్చారు. మద్రాసు నగరం మీద పెనుగులాట పాఠకులకు తెలిసిందే. బళ్లారి మీద పెనుగులాట అంతగా తెలియదు. జిల్లాలో పది తాలూకాలు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు. హొసపేట, హడగలి, హరపనహళ్లి, కూడ్లిగి, సండూరు, సిరుగుప్ప మైసూరుకు అని ముందుగా తేల్చారు. బళ్లారి తాలూకా ఒక్కటే మిగిలింది. అదే బావి. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎల్.ఎస్. మిశ్రాను విచారణకు నియమించారు. మిశ్ర భాషల తాలూకాకు మిశ్రా న్యాయనిర్ణేత అని ఆనాటి చమత్కారం ఒకటి మా ఇంట్లో చెప్పుకునేవారు. ఆయన నివేదిక మైసూరు వైపు మొగ్గింది. 1953 అక్టోబరు 1న కర్నూలులో ఆంధ్రరాష్ట్రం అవతరించిన రోజునే బళ్లారి మైసూరులో చేరింది. ఆదోని, ఆలూరు కర్నూలు జిల్లాలోకి, రాయదుర్గం అనంతపురం జిల్లాలోకి వెళ్లాయి.

కథ అంతటితో ముగియలేదన్నది చాలామంది మరిచిపోయారు. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం బళ్లారి, హొసపేట, సిరుగుప్ప తాలూకాలనూ, ఆనకట్ట ఉన్న మల్లాపురం భాగాన్నీ ఆంధ్రకు ఇవ్వాలని సిఫారసు చేసింది. వారి వాదంలో భాష కన్నా తుంగభద్ర బరువు ఎక్కువ. ఆ సిఫారసును కేంద్రం అంగీకరించలేదు, 1956లో ఆ తాలూకాలు మైసూరులోనే ఉండిపోయాయి. రెండేళ్ల తేడాతో ఇద్దరు పెద్దమనుషులు ఒకే ఆస్తికి రెండు రకాల తీర్పు చెప్పారంటే, తప్పు ఎవరిదో అని వెతకడం కన్నా వాళ్లు ఏ కొలబద్దతో కొలిచారో చూడడం మంచిది. ఒకరు జనం మాట్లాడే భాషతో కొలిచారు, ఇంకొకరు ఎక్కువగా నీటితో కొలిచారు.

రాష్ట్రాల పంపకంలో ఒక సాధారణ సూత్రం ఉంది: నేల, కట్టడం ఎక్కడున్నాయో ఆ రాష్ట్రానికే. చెప్పడానికి సులువు. కాని కొన్ని ఆస్తులు ఏ అనుబంధంలోనూ ఎక్కవు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ - తెలుగు నాటకరంగానికి ఆధునిక రూపం ఇచ్చిన ఈ ముగ్గురూ ఈ ఊళ్లో మసలినవారే. రాఘవ తెలుగులోనూ కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ వేషం కట్టినవాడు. ఆయన ఎవరి వాటాకు వచ్చినట్టు? 1946లోనే పోయాడు కనుక ఆ ప్రశ్న ఆయనకు ఎదురుకాలేదు.

ఇక ఆనకట్ట. 1945 ఫిబ్రవరి 28న ఒకే నదికి రెండు ఒడ్డుల నుంచీ శంకుస్థాపన జరిగింది. ఒక ఒడ్డు మద్రాసుది, ఇంకొకటి నిజాముది. అది పూర్తయ్యేసరికి యజమానులు మారిపోయారు. ఆంధ్రరాష్ట్ర చట్టం కింద 1953లో తుంగభద్ర బోర్డు ఏర్పడింది. కేంద్రం నియమించే అధ్యక్షుడు, రాష్ట్రాల తరఫున సభ్యులు, ఖర్చుకూ నీటికీ లెక్కలు. ‘బావి ఉమ్మడి’ అన్న పంక్తికి ఇంతకన్నా వివరమైన వ్యాఖ్యానం నేను చూడలేదు. తర్వాత బచావత్ ట్రిబ్యునల్ తీర్పు ప్రకారం 230 టీఎంసీల లెక్కలో 18 ఆవిరి నష్టం కింద పోగా కర్ణాటకకు 138.99, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 73.01 అని వాటాలు తేలాయి. 2014 తర్వాత ఆ 73.01లో 6.51 తెలంగాణది. దశాంశ స్థానాల దాకా పంచుకున్నా బోర్డును మాత్రం ఎవరూ రద్దు చేయలేదు. పోట్లాడుకోవడానికైనా ఒక గది కావాలి కదా.

ఆ ఆనకట్ట పక్కనే పంపకం వేరే దారి పట్టిన ఆస్తి ఇంకొకటి ఉంది. గేట్ల తయారీ కోసం 1947లో ప్రాజెక్టుకు అనుబంధంగా ఒక కార్ఖానా పెట్టారు. ప్రాజెక్టు ముగిశాక పనిముట్లను పారవేయరు, పనివాళ్లను పంపేయరు. 1960లో దానిని తుంగభద్ర స్టీల్ ప్రొడక్ట్స్ లిమిటెడ్ అనే కంపెనీగా మార్చారు. మైసూరు, ఆంధ్ర రాష్ట్రాలు రెండూ వాటాదారులు. తర్వాత కేంద్రం పెద్ద వాటాదారు అయింది. చివరికి వచ్చేసరికి సుమారు 79 శాతం కేంద్రానిది, మిగిలింది రెండు రాష్ట్రాలది. ఆనకట్టల గేట్లు, వాటిని ఎత్తే యంత్రాలు, క్రేన్లు, జలవిద్యుత్తు గొట్టాలు ఇక్కడ చేసేవారు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. ప్రాజెక్టులో భాగంగా ఉన్నంతకాలం ఆ కార్ఖానా ఉమ్మడి బావి వంటిది, దానిని అమ్మడం ఎవరి ఊహకూ రాదు. కంపెనీ కాగానే దానికి వాటాలు వచ్చాయి, వాటాకు ధర వచ్చింది, లాభనష్టాల పట్టీ వచ్చింది. గేటు అనేది ఏటా కొనే వస్తువు కాదు. పెట్టినది దశాబ్దాలు నిలవాలి. నీటిపారుదల శాఖల ఆర్డర్ల మీద బతికే సంస్థకు ప్రాజెక్టులు కట్టే రోజులు పండగ, కట్టని రోజులు పస్తు. సరిగా పనిచేసే గేటు తన కార్ఖానాకు తానే పని తగ్గిస్తుంది. ఈ సంస్థను లెక్కల పుస్తకంతో మాత్రమే కొలవడం సరికాదని నా అభిప్రాయం. ప్రతి ఏడూ నష్టాన్ని ప్రజల డబ్బుతో పూడ్చవలసిందే అని కూడా నేననను.

1991 జూలై బడ్జెట్టుతో మన పత్రికల్లోకి ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అన్న మాట వచ్చింది. ఎంపిక చేసిన ప్రభుత్వ సంస్థల వాటాల్లో 20 శాతం దాకా అమ్ముతామన్నది ఆనాటి ప్రకటన. 1996లో దీనికి ఒక కమిషన్, 1999లో ఒక శాఖ ఏర్పడ్డాయి. అనువాదంగా మాట తప్పు కాదు. కాని తెలుగు చెవికి ఉపసంహారం అంటే వదిలిన అస్త్రాన్ని వెనక్కి తీసుకోవడం. వదిలినవాడికే ఆ శక్తి తిరిగి వస్తుందన్న ధ్వని అందులో ఉంది. కార్ఖానా మూసి నేల అమ్మినప్పుడు వెనక్కి వచ్చేది రొక్కమే. జనం ఈ మాటను పట్టించుకోలేదు. 2021 జనవరిలో విశాఖ ఉక్కు విషయంలో కేంద్రం నిర్ణయం వెలువడినప్పుడు ప్రభుత్వ పత్రాల్లో ‘వ్యూహాత్మక ఉపసంహరణ’ అని ఉంటే వీధుల్లో ‘అమ్మకం’ అనే అన్నారు. వాటా కొంత అమ్మడం, యాజమాన్యం అప్పగించడం, మూసివేసి ఆస్తులు విడివిడిగా అమ్మడం - మూడూ వేరువేరు పనులు. మూడింటినీ ఒకే సంస్కృత సమాసంలో కప్పడం వల్ల ప్రభుత్వానికి సౌకర్యం, అన్నిటినీ ఒకే తెలుగు మాటలో తిట్టడం వల్ల ప్రతిపక్షానికి సౌకర్యం. ఏం జరుగుతున్నదో తెలియక నష్టపోయేవాడు మూడోవాడు.

హొసపేటలో జరిగింది మూడో రకం. 2015 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం కంపెనీ మూసివేతకు ఆమోదం ఇచ్చింది. ఉద్యోగులను స్వచ్ఛంద పదవీ విరమణ పద్ధతిలో పంపారు. తర్వాత 82.37 ఎకరాల నేలను ఎకరం 66 లక్షల చొప్పున కర్ణాటక ప్రభుత్వానికి ఇవ్వాలని తీర్మానించారు. గుణించి చూస్తే సుమారు 54 కోట్లు. నేలకు ఎకరం లెక్క ఉంది. గేటు అంచు ఎంత మందం ఉండాలో, గొలుసు లంకె ఎన్నేళ్లకు అలిసిపోతుందో తెలిసిన చేతులకు ఏ పట్టీలో ఏ లెక్క వేశారో నేను చూసిన కాగితాల్లో కనబడలేదు. బళ్లారి వాటాకు ఎవరొచ్చారని పోట్లాడుకున్న రెండు రాష్ట్రాలూ ఈ వాటాను ఎవరికివ్వాలని పెద్దగా పోట్లాడుకున్న జాడ కూడా కనబడలేదు.

దీనికి ఎదురుగా 2014 ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టాన్ని పెట్టి చూడవచ్చు. తొమ్మిదో అనుబంధంలో 91 సంస్థలు, పదో అనుబంధంలో 142. సంస్థ నడిచే చోటు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రానికి, ప్రధాన కార్యాలయం మాత్రం జనాభా నిష్పత్తిన, అంటే 58.32, 41.68 లెక్కన. వినడానికి 1953 సూత్రమే. అయితే ‘ప్రధాన కార్యాలయం’ అంటే ఏమిటి? అధికారులు కూర్చునే భవనమా, ఆ సంస్థకు హైదరాబాదులో ఉన్న ఆస్తులన్నీనా? షీలా భిడే కమిటీ ఏళ్ల తరబడి కూర్చుంది, 2017లో కేంద్రం ఆ మాటకు వివరణ పంపింది, అయినా తగవు తీరలేదు. నిఘంటువులో అరపంక్తి కూడా పట్టని మాట మీద వేల కోట్లు ఆగిపోయాయి. మా విద్యార్థులు అర్థవిజ్ఞానం ఎందుకూ పనికిరాదని అన్నప్పుడల్లా ఈ ఉదాహరణ చెబుతాను.

బళ్లారి పంపకాలు ఇంకా ఆగలేదు. 2014 నవంబరులో ఊరి పేరు అధికారికంగా బళ్లారిగా మారింది. 2021లో జిల్లా మళ్లీ చీలి హొసపేట కేంద్రంగా విజయనగర జిల్లా వచ్చింది. ఆనకట్ట ఆ జిల్లాలోకి పోయింది. బ్రూస్‌పేటలో అంగళ్ల వాళ్లు మాత్రం గిరాకీ ముఖం చూసి ఏ భాషలో పలకరించాలో ఒక్క క్షణంలో తేల్చుకుంటూనే ఉన్నారు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 33 గేట్లలో పంతొమ్మిదోదాని గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. నీటిమట్టం తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తవలసి వచ్చింది, నిండిన జలాశయం కళ్లముందే దిగిపోయింది. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి ఆధ్వర్యంలో వారం రోజుల్లో, ప్రవాహం మీదనే, ఉక్కు పలకలు దించి ఆ ఖాళీని మూశారు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ రైతులు ముగ్గురూ ఆ వారం ఒకే వార్త చూశారు. ఆ పలకలు చుట్టుపక్కల ప్రైవేటు కార్ఖానాల్లో తయారయ్యాయి. ఆనకట్ట గేట్ల కోసమే పుట్టిన కార్ఖానాను మూసేయాలని తీర్మానించి అప్పటికి ఎనిమిదిన్నర ఏళ్లయింది.