కట్టంగూర్: ‘రాను’ అనగలిగిన నాడు

మన ఊళ్ళ చరిత్రలు సాధారణంగా రాజులతో మొదలై గుళ్ళతో ముగుస్తాయి. శాసనం ఎవరు వేయించారో, చెరువు ఎవరి పేర వెలిసిందో తెలుస్తుంది. ఆ చెరువుకు తట్ట మోసినవారెవరో, వారికి కూలి ముట్టిందో లేదో తెలియదు. నల్లగొండ పక్కన పానగల్లులో కందూరు చోడుల కాలపు ఉదయసముద్రం గురించి ఎక్కడ చదివినా నాకు ముందుగా కలిగే సందేహం ఇదే. ఆ సందేహాన్ని వెంటబెట్టుకొని, అక్కడికి దగ్గర్లోని కట్టంగూర్ ప్రాంతంలో కష్టజీవుల బతుకు గత నూరేళ్ళలో ఎలా మారుతూ వచ్చిందో చెప్పుకుందామని ఈ టపా.

కట్టంగూర్ హైదరాబాదు–విజయవాడ రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ చేరకముందు వచ్చే మండల కేంద్రం. 2016లో నల్లగొండ జిల్లాను మూడు ముక్కలు చేసినప్పుడు నల్లగొండలోనే మిగిలింది. ఎర్ర చెలకల నేల. వాన పడితేనే పంట. ఒకప్పుడు ఈ చెలకల్లో జొన్న, సజ్జ, కంది, ఆముదం ఉండేవి. ఇప్పుడు పత్తి, బోర్ల కింద వరి, బత్తాయి తోటలు కనిపిస్తాయి. నాగార్జునసాగర్ ఉన్నది ఈ ఉమ్మడి జిల్లా అంచునే అయినా, దాని ఎడమ కాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు పల్లానికి పారింది. మెట్ట మెట్టగానే ఉండిపోయింది.

ఇలాంటి ఊరి శ్రామికుల గురించి తెలుసుకోవాలంటే మొదట చేతికి దొరికేది జనాభా లెక్కల పట్టిక. అందులో పనిచేసేవారిని సాగుదారులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలవారు, ఇతరులు అని నాలుగు గడుల్లో పెడతారు. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పని దొరికితే ప్రధాన పనివారు. అంతకు తక్కువైతే ఉపాంత పనివారు. ఇంటిల్లిపాదికీ వండి, నీళ్ళు మోసి, పిల్లల్ని సాకే స్త్రీకి ఈ నాలుగు గడుల్లో చోటే లేదు. రెండెకరాల చెలక ఉండి, ఏడాదిలో కొన్నాళ్ళు సొంత చేలో, కొన్నాళ్ళు పరాయి చేలో పనిచేసేవాడు ఏదో ఒక గడిలో పడతాడు. అతని సగం బతుకు లెక్కలోంచి జారిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఏ గడిలోనూ లేదు. పనికి పిలిచినప్పుడు అతడు ‘రాను’ అంటే ఏమవుతుంది? నా దృష్టిలో ఒక ఊరి కూలి చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్నకు కాలం ఇస్తూ వచ్చిన జవాబులే.

మొదటి జవాబు వెట్టి. ఈ మాటకు మూలం సంస్కృత ‘విష్టి’ అని పండితులంటారు. క్రీ.శ. 150 నాటి జునాగఢ్ శాసనంలో రుద్రదాముడు, తెగిపోయిన సుదర్శన తటాకాన్ని ప్రజలను పన్నులతోనూ విష్టితోనూ పీడించకుండా సొంత ఖజానా ఖర్చుతో బాగుచేయించానని చెప్పుకున్నాడు. రాజు గొప్పగా చాటుకోవలసినంత అరుదైన సంగతి అన్నమాట, చెరువు పనికి కూలి ఇవ్వడం!

నిజాం రాజ్యపు నల్లగొండ జిల్లాలో వెట్టి ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాట చరిత్రలో దాని స్వరూపాన్ని వివరంగా చెప్పారు. మాల మాదిగ ఇళ్ళలో ఇంటికొక మనిషి వంతున గ్రామాధికారుల చాకిరీకి, కాగితాలు ఊరినుంచి ఊరికి మోయడానికి పోవాలి. చెప్పులు, తోలుసామాను కుట్టి ఇవ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, సాలె, గౌడ, ఎవరి వృత్తికి తగిన వెట్టి వారికి ఉండేది. దొర ఇంటి పల్లకీ మోయాలి, గడికి కుండలు చేరాలి, అడిగినప్పుడు గొర్రె తోలాలి, కల్లు పోయాలి. తమ పొలం పని ఎండినా ముందు దొర పొలం తడవాలి. అధికారి ఊళ్ళోకి వస్తే ఊరంతా ఆయన సేవకే. నిజాం ప్రభుత్వం వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు వెలువరించకపోలేదు. కానీ వాటిని ఊళ్ళో అమలు చేయవలసిన పటేలు, పట్వారీలే వెట్టి పుచ్చుకునేవారు కూడా. ఇక ఫర్మానా చదివి వినిపించేదెవరు?

వెట్టికి తోడు జీతం. ఇవాళ ఈ మాట వింటే నెల మొదటి తారీకు గుర్తుకొస్తుంది. ఊళ్ళో ‘జీతం ఉండటం’ అంటే అర్థం వేరు. పెండ్లికో చావుకో అప్పు తీసుకొని, అది తీరేదాకా దొర ఇంట్లోనో పెద్దరైతు ఇంట్లోనో రాత్రింబగళ్ళు ఉండి పనిచేయడం. గింజలు నాగుకు తెచ్చుకుంటే ఒకటికి ఒకటిన్నర కొలవాలి. ఏడాది జీతం ఏడాది మిత్తికే చాలదు. తండ్రి అప్పుకు కొడుకు పశులకాపరిగా కుదిరేవాడు. హైదరాబాదు రాజ్యంలో దీన్నే భాగేలా అన్నారు. 1936లో భాగేలా ఒప్పందాల మీద ఒక నిబంధన వచ్చింది. ఒప్పందం కాగితం మీద ఉంటే కదా నిబంధన పనిచేయడానికి. ఇక్కడ కాగితం పట్వారి దగ్గర, వేలిముద్ర జీతగాడిది.

ఆ రోజుల్లో ‘రాను’ అనడానికి ఉన్న దారి ఒక్కటే: ఊరు విడిచి పోవడం. బొంబాయిలోని కామాఠీపురకు ఆ పేరు నిజాం రాజ్యంనుంచి వెళ్ళి అక్కడ కట్టడపు పనులు చేసిన తెలుగు కామాఠీలవల్ల వచ్చిందే. తరవాతి కాలంలో నల్లగొండ, వరంగల్లు, కరీంనగర్ పద్మశాలీలు భివండీ మగ్గాలకు పోయారు. వలసను మనం దుఃఖగాథగానే చెప్పుకుంటాం. అందులో ఒక ధిక్కారం కూడా ఉందని నాకనిపిస్తుంది. నోటితో చెప్పలేని మాటను ఆ మనుషులు కాళ్ళతో చెప్పారు.

ఇక్కడ మన సాహిత్య మిత్రులకు ప్రీతిపాత్రమైన ఒక పేరు చెప్పాలి. వట్టికోట ఆళ్వారుస్వామి 1915లో ఈ నకిరేకల్ ప్రాంతపు చెరువుమాదారంలోనే పుట్టారు. చిన్నతనంలో ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేసి పెడుతూ చదువుకున్నారు. విజయవాడలో హోటల్లో సర్వరుగా పనిచేశారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆయన నవల ‘ప్రజల మనిషి’ 1955లో వచ్చింది. తెలంగాణ పల్లెలో వెట్టి ఎలా నడిచేదో నవలగా చదవదలచినవారికి నేను మొదట చూపేది ఆ పుస్తకాన్నే. దానికి ఉన్న బలం చాలావరకు రచయిత స్వయంగా ఒకరింట పనిచేసి పెరగడంలోంచి వచ్చిందని నా నమ్మకం.

నోటితో ‘రాను’ అనే ధైర్యం సంఘంతో వచ్చింది. ఆంధ్ర జనసంఘం 1920లలోనే వెట్టిచాకిరి గురించి ప్రజలకు తెలియజెప్పడం మొదలుపెట్టింది. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభతో ఆంధ్ర మహాసభ పల్లెజనం చేతికి వచ్చింది. ఊళ్ళో దానికి ‘సంఘం’ అన్న ఒక్క మాటే పేరు. 1946 జూలై 4న అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీకి నేలకొరిగాక అది సాయుధపోరాటమైంది. దున్నేవాడికి భూమి అన్న నినాదాన్ని మనం ఎక్కువగా స్మరిస్తాం. పోరాటం మొదటి రోజుల్లో పల్లెను కదిలించింది దానికంటే చిన్న కోరిక: పిలిచినప్పుడల్లా ఊరికే పనికి పోకుండా ఉండటం. దళాలున్న ఊళ్ళలో వెట్టి ఆగింది, అప్పుపత్రాలు తగలబడ్డాయి, కూలిరేట్లు పెరిగాయి. పోరాటం 1951 అక్టోబరులో ముగిసింది. పంచిన భూమి చాలాచోట్ల తిరిగి దొరల చేతికి పోయింది. వెట్టి మాత్రం మునుపటి రూపంలో తిరిగి రాలేదు. ఆ ఉద్యమం గెలుపోటముల గురించి వాదించుకునేటప్పుడు ఈ ఒక్క సంగతి ఎందుకు వెనకబడుతుందో నాకు అర్థం కాదు.

తరవాతి కాలం చట్టాలది. 1948 కనీస వేతనాల చట్టంలో వ్యవసాయమూ ఉంది. 1950లో హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి చట్టం, 1976లో వెట్టిచాకిరి వ్యవస్థ రద్దు చట్టం వచ్చాయి. 1984లో పటేల్, పట్వారీ పదవులే పోయాయి. చట్టం రాగానే జీతగాడు మాయమైపోలేదు. అయితే అతణ్ణి పట్టి ఉంచిన అప్పు ఇక కోర్టులో చెల్లని అప్పు అయింది. మెల్లగా ఏడాది జీతాలు తగ్గి రోజుకూలి పెరిగింది. గింజల కూలి పోయి రూపాయల కూలి వచ్చింది.

ఇదే కాలంలో అదే పాత తాడు కొత్త పేరుతో వచ్చింది: అడ్వాన్సు. పక్కనున్న పాలమూరు జిల్లాలో గుంపు మేస్త్రీ ఇంటింటికీ అడ్వాన్సు ఇచ్చి, ఆలుమగలను కలిపి ఆనకట్టలకు, కాలువలకు, రోడ్లకు తోలుకుపోయేవాడు. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశమంతా పాకింది. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చినా మేస్త్రీ పుస్తకంలోని లెక్కే చెల్లింది. 1955 నుంచి 1967 దాకా నాగార్జునసాగర్ రాతికట్టడాన్ని యంత్రాలకంటే మనుషుల చేతులే ఎక్కువగా లేపాయి. ఆ నీరు పారిన ఆయకట్టులో నాట్లకూ కోతలకూ నీరు పారని మెట్ట ఊళ్ళ ఆడవాళ్ళు గుంపులుగా పోవడం తరవాతి కథ. నాటు గుత్తకు తీసుకోవడం, ముఠాలో అందరూ సమంగా పంచుకోవడం, ఎకరానికి ఇంతని మాట్లాడుకోవడం వాళ్ళు నేర్చారు. గుత్తలో ఒళ్ళు హూనమవుతుంది. కానీ గట్టు మీద నిలబడి అదలించే మనిషి ఉండడు. రోజుకూలికంటే గుత్త నయమని ఆడవాళ్ళు అనుకోవడం వెనక డబ్బొక్కటే లేదు.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం ఆరంభమైంది. మొదటి విడత జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. జనం దాన్ని ‘కరువు పని’ అన్నారు. కుటుంబానికి ఏడాదికి వంద రోజులు. అడిగిన పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి. ఆడా మగా తేడాలేని కూలి. గుత్తేదారుకు చోటు లేదు. చెరువు పూడిక, మట్టికట్టలు, కందకాలు. పని నాణ్యత మీద, కొలతల మీద, ఆలస్యంగా వచ్చే డబ్బు మీద ఎన్నో ఫిర్యాదులు, చాలామటుకు నిజమైనవే. వాటన్నిటి నడుమ జరిగిన మేలు ఒకటి ఉంది. ఆసామి చెప్పిన కూలి నచ్చకపోతే పోవడానికి ఇంకో చోటు ఉంది. ‘కరువు పని వచ్చాక కూలీలు దొరకడం లేదు’ అన్న రైతుల మాట మనం ఎన్నిసార్లు వినలేదు! బోరు ఎండి, పత్తి ధర పడిపోయి, పెట్టుబడి రాని చిన్నరైతు ఆ మాట అన్నప్పుడు అతని బాధ అబద్ధం కాదు. కానీ ఆ వాక్యాన్నే కూలిమనిషి వైపునుంచి చదివితే, తాతల కాలంలో లేని ఒక మాట మనవరాలి నోటికి వచ్చిందని అర్థం.

ఆ తరవాత పనులే మారాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక ఎక్కువగా జేసీబీలు తీశాయి. వరి కోత యంత్రానికి పోయింది. నాలుగు వరుసలైన రహదారి పక్కన హోటళ్ళు, బంకులు. హైదరాబాదులో కాపలా పనులు, డ్రైవరు పనులు, కట్టడాల పనులు. యువకులు అటు పోయారు, చేలల్లో నడివయసు ఆడవాళ్ళు మిగిలారు. ఈ మధ్య తెలంగాణ పొలాల్లో బీహారు, బెంగాలు నాటు ముఠాలు కనబడుతున్నాయి. నల్లగొండ మెట్టకు కృష్ణా నీరు తేవడానికి ఉద్దేశించిన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వద్ద కూలినప్పుడు లోపల చిక్కుకున్న ఎనిమిది మందిలో నలుగురు ఝార్ఖండ్ కూలీలు. ఒకప్పుడు ఊరూరి ఆనకట్టలకు కూలీలను పంపిన నేల మీద, దాని నీటికోసమే, పరాయి పల్లెల పిల్లలు సమాధి కావడం తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది. పాలమూరు లేబర్ బాధ తెలిసిన మనం, మన పొలంలో పనిచేసే బీహారీ ముఠా మేస్త్రీ దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకుందో ఎప్పుడైనా అడిగామా?

2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానే ఇంకొక చట్టం చేసింది. వంద రోజులు నూట ఇరవై అయిదయ్యాయి. ఖర్చులో రాష్ట్రాల వాటా పెరిగింది. విత్తే కాలం, కోతల కాలం కలిపి ఏడాదికి అరవై రోజులు పనులు ఆపే ఏర్పాటూ అందులో ఉంది. పత్రికలు రోజుల సంఖ్య గురించే ఎక్కువగా మాట్లాడాయి. నా చూపు మాత్రం ఆ అరవై రోజుల మీదే ఆగింది. కూలిమనిషి మాటకు ఏడాదిలో ఎక్కడైనా విలువ ఉంటే అది నాట్ల రోజుల్లోనూ కోతల రోజుల్లోనూ ఉంటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే పోవడానికి ఇంకో చోటు లేకపోతే, వంద అయినా నూట ఇరవై అయిదు అయినా బేరమాడే బలం సగమైపోతుంది.

ఇదంతా జిల్లా చరిత్ర, చట్టాల చరిత్ర. ఊరి చరిత్ర ఊళ్ళోవాళ్ళ దగ్గరే ఉంది. జీతం ఉన్నవారు, గింజల కూలి కొలిపించుకున్నవారు, సాగర్ కట్టకు రాళ్ళు మోసినవారు ఇంకా కొందరైనా మన మధ్య ఉన్నారు. మీ ఇళ్ళలో, మీ ఊళ్ళలో అటువంటి పెద్దలుంటే కూర్చోబెట్టి అడగండి: ఏడాది జీతమెంత, ఏ మానికతో కొలిచేవారు, మొదటిసారి ‘రాను’ అన్నది ఎప్పుడు, అన్నాక ఏమైంది. అని రాసి పెట్టండి. జనాభా లెక్కల్లో ఆ గడి ఎప్పటికీ ఉండదు.