పెంపుడు సన్యాసి పీత: అస్వస్థత, నివాసం, సంరక్షణ

నేల సన్యాసి పీత (హెర్మిట్ క్రాబ్) ఖాళీ నత్త గుల్లలో ఒళ్లు దాచుకుని, దాన్ని మోసుకు తిరిగే పదికాళ్ల జీవి. సీనోబిటా ప్రజాతికి చెందిన కొన్ని జాతుల్ని అమెరికాలోనూ మరికొన్ని దేశాల్లోనూ ఇళ్లలో పెంచుతారు. పెంపకంలో ఈ పీతలకు వచ్చే అస్వస్థతల్లో ఎక్కువ భాగం క్రిముల వల్ల వచ్చేవి కావు. తొట్టిలో తేమ, వేడి, నీరు, ఇసుక సరిగా లేక వచ్చేవి. ఇంకొంత భాగం అసలు జబ్బే కాదు, కుబుసం విడిచే ముందు పీతకు సహజంగా వచ్చే మందకొడితనం. కాబట్టి వైద్యమంటే ముందు తొట్టిని చక్కదిద్దడం, తర్వాత పీతను దాని మానాన వదిలేయడం. రెండోది చేయడమే కష్టం.

జాతులు, పుట్టుక

అమెరికా సముద్రతీర పట్టణాల బహుమతుల దుకాణాల్లో, పెంపుడు జంతువుల అంగళ్లలో ఎక్కువగా కనిపించేది కరీబియన్ పీత, సీనోబిటా క్లైపియాటస్. పెద్ద డెక్క ఊదా రంగులో ఉంటుంది. దక్షిణ ఫ్లోరిడా, బహామాస్, కరీబియన్ దీవులు దీని స్వస్థలం. దాని తర్వాత ఎక్కువగా అమ్ముడయ్యేది మధ్య, దక్షిణ అమెరికాల పసిఫిక్ తీరానికి చెందిన ఈక్వడార్ పీత, సీనోబిటా కంప్రెసస్. మన దేశంలో అండమాన్ నికోబార్, లక్షద్వీప్ తీరాల్లో ఈ ప్రజాతి పీతలున్నాయి. వీటికి దగ్గరి చుట్టమే కొబ్బరి పీత. పెద్దయ్యాక అది గుల్లను వదిలేసి తిరుగుతుంది. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) దానికి రక్షణ కల్పించింది.

విశాఖపట్నం రాళ్ల ఒడ్డున, కోస్తా ఇసుక తిన్నెల దగ్గర పిల్లలు ఏరుకునే సన్యాసి పీతలు మాత్రం వేరు. అవి సముద్రపు నీటిలో బతికేవి. ఈ వ్యాసంలోని పద్ధతులు వాటికి పనికిరావు. సీసాలో వేసి ఇంటికి తెస్తే ఎక్కువ కాలం బతకవు కూడా.

నేల పీతలు నేల మీదే తిరిగినా పిల్లలు పుట్టేది సముద్రంలో. తల్లి గుడ్లను అలల్లో వదిలితే, డింభకాలు కొన్ని వారాలు నీటిలో తేలియాడి, ఎదిగి, చిన్న గుల్ల వెతుక్కుని ఒడ్డుకొస్తాయి. ఇంట్లో ఈ దశలన్నీ దాటించి పిల్లల్ని పెంచగలిగినవాళ్లు చాలా తక్కువ మంది. అందుకే అంగట్లో ఉన్న పీత దాదాపు ఎప్పుడూ దాని సహజ తీరాల్లో పట్టుకొచ్చినదే. ఎండిన గాలిలో, ఇరుకు పెట్టెల్లో ప్రయాణం చేసి వచ్చినదే. కొన్న కొద్ది వారాల్లోనే చాలా పీతలు నీరసించి చనిపోవడానికి ఇదొక ముఖ్య కారణం. సరైన చోట ఉంటే ఇదే జీవి 30 ఏళ్లకు పైగా బతికిన సందర్భాలున్నాయి. ‘చవక పెంపుడు జంతువు’ అన్న దుకాణాల ప్రచారానికి, ఈ ఆయుష్షుకు పొంతన లేదు.

తేమ, వేడి

ఈ పీత గాలి పీలుస్తుంది గానీ, పీల్చేది ఊపిరితిత్తులతో కాదు, మార్పు చెందిన మొప్పలతో. మొప్పలు తడిగా ఉన్నంతసేపే ప్రాణవాయువు ఒంట్లోకి వెళ్తుంది. ఆరిపోతే పీత గాలిలోనే ఊపిరాడక, రోజుల తరబడి కొద్దికొద్దిగా చనిపోతుంది. చూసేవాళ్లకు మాత్రం అది ‘చురుకు తగ్గినట్టు’ కనిపిస్తుంది. తొట్టిలో గాలి తేమ 75 నుంచి 85 శాతం, వేడి 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. చలి ఎక్కువైతే పీత కదలడం, తినడం మానేస్తుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో చాలాసేపు ఉంటే గోధుమరంగు ద్రవం కక్కుతూ గుల్లలోంచి బయటికి వేలాడుతుంది. ఆ దశకు చేరినది కోలుకోవడం అరుదు.

దుకాణంలో పీతతో పాటు అంటగట్టే ఇనుప వల పంజరం తేమను నిలపలేదు. మూత ఉన్న గాజు తొట్టి కావాలి. అమెరికాలో స్థిరపడిన మన కుటుంబాలు చలికాలంలో ఇంటిని వేడి చేసుకున్నప్పుడు గదిలో గాలి బాగా పొడిబారుతుంది. వేసవిలో హాయిగా ఉన్న పీత జనవరిలో మూలకు చేరి కదలకపోతే ముందు చూడాల్సింది తేమ కొలిచే మీటరును. తొట్టిని వేడి చేయడానికి పైన బల్బు పెడితే గాలి ఇంకా ఆరిపోతుంది. పలుచని హీటర్ పట్టీని గాజు వెనక వైపు, ఇసుక మట్టానికి పైన అంటించడం మేలు. అడుగున పెడితే ఇసుకలో దూరిన పీతకు కిందనుంచి సెగ తగులుతుంది.

తేమ మీటర్లు, ముఖ్యంగా ముల్లు తిరిగే చవక రకాలు, తరచూ తప్పు చూపిస్తాయి. సరిచూడటం తేలిక. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ముద్దయ్యేంత నీరు చల్లి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో పెట్టి కొన్ని గంటలు వదిలేయాలి. గది ఉష్ణోగ్రతలో సంచిలోని తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 65 చూపిస్తే అది 10 తక్కువ చూపిస్తున్నట్టు లెక్క. ఈ చిన్న పరీక్ష చేయకుండా మందుల కోసం వెతకడం దండగ.

నీళ్లు

తొట్టిలో రెండు గిన్నెలుండాలి, ఒకటి మంచినీళ్లకు, ఒకటి ఉప్పునీళ్లకు. పీత మొత్తంగా మునిగేంత లోతు, ఎక్కి బయటికి రావడానికి రాళ్లో మెట్లో ఉండాలి. పీత గుల్లలో కాస్త నీరు నిల్వ ఉంచుకుంటుంది. మొప్పల్ని, మెత్తని పొట్టను ఆ నీటితోనే తడుపుకుంటుంది. దానికి కావలసినంత ఉప్పును కూడా రెండు గిన్నెల మధ్య తనే సర్దుకుంటుంది. ఈక్వడార్ పీతకైతే ఉప్పునీరు లేనిదే గడవదు.

ఉప్పంటే వంటింటి ఉప్పు కాదు. సముద్ర చేపల తొట్లకు అమ్మే ఉప్పుపొడిని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ మొప్పలకు హాని చేస్తుంది. తెరచిన పాత్రలో ఒక రోజు ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. కానీ చాలా అమెరికా నగరాల్లో నీటిలో కలిపే క్లోరమైన్ అలా పోదు. దానికి చేపల పెంపకందారులు వాడే శుద్ధి ద్రావణం కలపక తప్పదు. దుకాణాల్లో ఇచ్చే స్పాంజి ముక్కతో పెద్దగా ఒరిగేదేమీ లేదు. రెండు రోజుల్లో బాక్టీరియాకు ఇల్లవుతుంది.

ఇసుక, కుబుసం

కుబుసం విడవడం (నిర్మోచనం) ఈ జీవి బతుకులో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం. పై పెంకు పెరగదు కాబట్టి ఎదగాలంటే పాతదాన్ని విడిచి, కింద తయారైన మెత్తటి కొత్త పెంకును గట్టిపరచుకోవాలి. అంతకు ముందు పీత ఎక్కువ తాగుతుంది, ఎక్కువ తింటుంది, ఇసుక తవ్వుతుంది. తర్వాత మందగిస్తుంది. ఒంటి రంగు బూడిదబారుతుంది, కళ్లు మసకబారినట్టు కనిపిస్తాయి. ఊడిన కాలు ఉన్నచోట జిగురుముద్దలాంటి మొలక వస్తుంది. ఇవి చూసి జబ్బు చేసిందని భయపడి పీతను పైకి తీసి స్నానం చేయించేవాళ్లు, గుల్ల ఊపి చూసేవాళ్లు ఎందరో. పీతకు అన్నిటికన్నా ఎక్కువ హాని అక్కడే జరుగుతుంది.

పీత ఇసుకలో పూర్తిగా దూరి, గుహ చేసుకుని, చీకట్లో కుబుసం విడుస్తుంది. ఆ పాత పెంకును తనే తినేసి అందులోని కాల్షియంను తిరిగి రాబట్టుకుంటుంది. చిన్న పీతలకు ఇదంతా నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టొచ్చు, పెద్దవాటికి కొన్ని నెలలు. ఈ కాలమంతా తవ్వి చూడకూడదు. గుహ కూలితే మెత్తని పీత నలిగిపోతుంది.

అందుకే ఇసుక లోతు కనీసం 15 సెంటీమీటర్లు, పీత పెద్దదైతే దాని ఎత్తుకు మూడు రెట్లు ఉండాలి. ఐదు పాళ్లు సన్నని ఇసుకకు ఒక పాలు కోకోపీట్ కలిపి, క్లోరిన్ లేని నీటితో తడపాలి. పిల్లలు కాలి మీద పిచ్చుకగూడు కట్టే తడి ఇసుకలా ఉండాలి. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. గులకరాళ్లలో గుహ నిలవదు. దుకాణాల్లో దొరికే కాల్షియం ఇసుక తడిస్తే గట్టిపడుతుంది. నీళ్లు ఎక్కువై అడుగున మడుగు కట్టినా ప్రమాదమే. గాలి అందని ఆ పొర నల్లబడి కుళ్లు వాసన కొడుతుంది, లోపలున్న పీతకు ఊపిరాడదు.

ఒక్కోసారి పీత లోతు లేకనో, నీరసించో ఇసుకపైనే కుబుసం విడుస్తుంది. అప్పుడు చేయాల్సింది ఒకటే. అడుగు కోసిన ప్లాస్టిక్ సీసాను దాని చుట్టూ ఇసుకలోకి లోతుగా గుచ్చి, పైన గాలి రంధ్రాలు ఉంచి, నల్లగుడ్డ కప్పాలి. తోటి పీతలు ఆ వాసన పట్టి తినేస్తాయి కనుక ఈ కంచె తప్పనిసరి. పక్కనున్న పాత పెంకును తీయకూడదు. అదే దాని ఆహారం.

గుల్ల, ఊడిన కాళ్లు

పీత పొట్ట మెత్తగా, కుడివైపు మెలి తిరిగి ఉంటుంది. దానికి గుల్లే కవచం. ప్రతి పీతకూ తొట్టిలో మూడు నాలుగు విడి గుల్లలు, ఇప్పుడున్నదానికన్నా కాస్త పెద్దవి, ఉంచాలి. కరీబియన్ పీతలు గుండ్రటి నోరున్న టర్బో గుల్లల్ని ఇష్టపడతాయి. ఈక్వడార్ పీతలకు అర్ధచంద్రాకారపు నోరు సరిపడుతుంది. రంగులు పూసి బొమ్మలు గీసిన గుల్లలు పిల్లల్ని ఆకర్షించడానికే. వాటి పెచ్చులు ఊడి పీత నోట్లోకి పోతాయి.

గుల్ల వదిలి ఒట్టి ఒంటితో తిరిగే పీత అత్యవసర స్థితిలో ఉన్నట్టు. చిన్న డబ్బాలో తడి కాగితం పరిచి, సముద్రపు ఉప్పునీటితో కడిగిన రెండు మూడు గుల్లలతో పాటు దాన్ని అందులో పెట్టి, చీకటిగా, వెచ్చగా ఉంచాలి. పీతను పట్టుకుని గుల్లలోకి తోయకూడదు. గుల్ల నచ్చక వదిలిందా, తోటి పీత లాగేసిందా, తేమ లేక వదిలిందా అన్నది తర్వాత ఆలోచించుకోవచ్చు.

కాలు ఊడటం చూడటానికి భయంగా ఉంటుంది. తీవ్రమైన ఒత్తిడి, దెబ్బలాట, వేడి, పొడిగాలి వల్ల పీత కాలిని తనే ఓ నిర్ణీత కీలు దగ్గర విడిచిపెట్టగలదు. అక్కడ గాయం త్వరగా మూసుకుపోతుంది, రక్తం ఎక్కువ పోదు. ఒకటి రెండు కాళ్లు పోయినా తర్వాతి కుబుసంలో అవి చిన్నవిగా తిరిగి మొలుస్తాయి. వరసగా కాళ్లు రాలిపోతుంటే మాత్రం ప్రాణాపాయం. దాన్ని వేరే డబ్బాలోకి మార్చి, తేమ, వేడి సరిచేసి, కదపకుండా వదలాలి.

పురుగులు, విషాలు, ఆహారం

తొట్టిలో కనిపించే సన్నని తెల్ల నల్లులు చాలావరకు కుళ్లిన ఆహారం తినేవే. వాటికోసం పురుగుమందు చల్లితే పురుగుకన్నా ముందు పీత పోతుంది. దోమల మందుల్లో ఉండే పైరెథ్రాయిడ్లు రొయ్య, పీత జాతులకు అతి తీవ్రమైన విషం. పీత ఉన్న గదిలో దోమల బత్తీ, ప్లగ్‌కు పెట్టే దోమల మందు, స్ప్రే వాడకూడదు. అగరుబత్తి పొగ కూడా దూరంగా ఉంచడమే మంచిది. రాగి కలిసిన చేపల మందులు ప్రమాదం. మిగిలిన తిండిని రోజూ తీసేస్తే నల్లులు వాటంతట అవే తగ్గుతాయి. బూజు తినే స్ప్రింగ్‌టెయిల్ పురుగుల్ని తొట్టిలో వదిలేవాళ్లూ ఉన్నారు. అది తెలివైన పని.

తిండి విషయంలో ఈ జీవి సర్వభక్షి. ఎండు ఆకులు, పళ్లు, ఉప్పూ కారం లేని చేప, రొయ్య తలకాయలు, సముద్రపు నాచు అన్నీ తింటుంది. కాల్షియంకు ఆయుర్వేద దుకాణాల్లో దొరికే సముద్రపు నురుగు, నూరిన కోడిగుడ్డు పెంకు చాలు. నిల్వ రసాయనాలు కలిపిన గుళికలు పెట్టకపోతేనే మంచిది.

వైద్యం, మరణం

వెన్నెముక లేని జీవుల్ని చూసే పశువైద్యులు తక్కువ. మందుల మోతాదులు కూడా స్థిరపడలేదు. మనుషుల యాంటీబయాటిక్ కరిగించి పోయడం వంటి ప్రయోగాలు చేయకూడదు. కొత్త పీతను కొన్ని వారాలు విడి తొట్టిలో ఉంచడం, రోజూ చేతుల్లోకి తీసుకోకపోవడం వీటికి ఆసుపత్రికన్నా ఎక్కువ మేలు చేస్తాయి.

కదలని పీత చనిపోయిందో లేదో తేల్చేది వాసన. కుళ్లిన చేప కంపు విపరీతంగా కొట్టి, పీత గుల్లలోంచి తేలిగ్గా జారిపోతే చనిపోయినట్టు. ఇసుకపై పడివున్నది బోలుగా, తేలికగా, వాసన లేకుండా ఉంటే అది విడిచిన కుబుసం కావచ్చు. సందేహం ఉంటే చీకట్లో ఉంచి ఆగడమే మంచిది. నిజంగా చనిపోతే చుట్టుపక్కల ఇసుక తీసేసి, మిగిలిన పీతల తేమ, వేడి, నీళ్లు ఆ రోజే మళ్లీ కొలవాలి. ఒకటి పోయిందంటే కారణం ఇంకా తొట్టిలో ఉండే అవకాశం ఎక్కువ. ఇక పెంచలేమనుకున్న పీతను దగ్గర్లోని సముద్రం ఒడ్డున వదిలేయడం తప్పు. అది ఆ తీరానికి చెందినది కాకపోవచ్చు, వెంట పరాన్నజీవుల్ని తీసుకెళ్లవచ్చు. దాన్ని అనుభవమున్న మరో పెంపకందారుకు అప్పగించడమే సరైన దారి.