క్వీన్ ఎలిజబెత్ ఓడ, పౌండు రేటు, మన డ్రాఫ్టు

దుబాయ్‌లో పోర్ట్ రషీద్ వైపు పనికి వెళ్ళే మన వాళ్ళకు ఆ ఓడ తెలిసే ఉంటుంది. కింద నల్లటి ఒడలు, పైన తెల్లటి అంతస్తులు, మధ్యలో ఎర్రటి పొగగొట్టం. పేరు క్వీన్ ఎలిజబెత్ 2. అందరూ క్యూఈ2 అంటారు. 2018 ఏప్రిల్ నుంచి అది హోటల్. అంతకు ముందు దాదాపు నలభై ఏళ్ళు ఇంగ్లండులోని సౌతాంప్టన్ రేవు కేంద్రంగా ప్రపంచమంతా తిరిగింది. అందులో ఎక్కినవాళ్ళు మనలా పని కోసం సముద్రం దాటినవాళ్ళు కారు. సెలవులకు సరదాగా తిరిగినవాళ్ళు. దీన్నే క్రూయిజ్ అంటారు.

ఆ సరదాతో మనకేం పని అనుకోకండి మిత్రులారా. జీతం పడగానే మనం అడిగే మొదటి మాట "ఈ రోజు రేటెంత?" అని. ఓడ టికెట్ కొనే బ్రిటన్ ప్రజలు కూడా ఎన్నో ఏళ్ళుగా ఇదే మాట అడుగుతున్నారు. వాళ్ళకు పౌండు రేటు, మనకు దిర్హాము, రియాలు రేటు. డబ్బు వేరు, బాధ ఒకటే. వాళ్ళ కథ తెలుసుకుంటే మన లెక్క కూడా కొంచెం అర్థమవుతుంది.

ఒక్క రాత్రిలో తగ్గిన పౌండు

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ అప్పుల్లో కూరుకుపోయింది. 1949 సెప్టెంబర్ 18న పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించారు. మన రూపాయి అప్పట్లో పౌండుకు కట్టేసి ఉండేది కాబట్టి అది కూడా దాంతోపాటే దిగింది. ఆ తర్వాత 18 ఏళ్ళు పౌండు 2.80 దగ్గరే నిలిచింది.

1966లో మళ్ళీ కష్టాలు మొదలయ్యాయి. ఆ ఏడాది మే 16 నుంచి జూలై 1 దాకా బ్రిటన్ ఓడ కార్మికులు సమ్మె చేశారు. రేవుల్లో ఓడలు కదల్లేదు, ఎగుమతులు ఆగాయి, పౌండు మీద నమ్మకం సడలింది. ప్రధాని హెరాల్డ్ విల్సన్ ప్రభుత్వం ఎంత ఆపినా ఆగలేదు. చివరికి 1967 నవంబర్ 18న పౌండును 2.80 నుంచి 2.40 డాలర్లకు దించారు. అంటే నూటికి 14 పైచిలుకు తగ్గింది.

ఓడ టికెట్ లెక్కలో చూద్దాం. వెయ్యి డాలర్ల ఖర్చు ఉందనుకోండి. ముందు రోజు దానికి 357 పౌండ్లు చాలు. మర్నాటికి 417 పౌండ్లు కావాలి. ప్రయాణికుడు అదే, ఓడ అదే, సముద్రం అదే. మారింది రేటు ఒక్కటే. క్యూఈ2 ఓడను స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో నీటిలోకి దించింది కూడా ఆ ఏడాదే, సెప్టెంబర్ 20న. పౌండు పడటానికి దాదాపు రెండు నెలల ముందు.

బ్రిటన్ నుంచి ఇంటికి డబ్బు పంపే మన దేశస్తుల లెక్క ఇంకా విచిత్రం. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించారు. దాంతో పౌండు 13 రూపాయల 33 పైసల నుంచి 21 రూపాయలకు చేరింది. ఏడాదిన్నర తిరక్కుండానే పౌండు పడి 18 రూపాయలయింది. పౌండు పడినప్పుడు మన రూపాయి దాంతోపాటు దిగలేదు మరి. 1967లో ఇంటికి 10 పౌండ్లు పంపేవాడికి ఒక్కసారిగా 30 రూపాయలు తగ్గాయి. ఆ రోజుల్లో 30 రూపాయలు చిన్న డబ్బు కాదు.

50 పౌండ్ల కట్టడి

పౌండును కాపాడటానికి విల్సన్ ప్రభుత్వం ఇంకో పని చేసింది. సెలవులకు విదేశాలకు వెళ్ళేవాళ్ళు విదేశీ డబ్బుగా ఏడాదికి 50 పౌండ్లకు మించి మార్చుకోరాదంది. ఇది 1966 నవంబర్‌లో అమలులోకి వచ్చింది. స్పెయిన్ వెళ్ళినా, ఇటలీ వెళ్ళినా హోటల్ ఖర్చు, తిండి ఖర్చు అన్నీ ఆ 50 లోనే సర్దుకోవాలి.

ఇక్కడే ఓడలకు లాభం కలిగింది. బ్రిటిష్ ఓడ కంపెనీకి పౌండ్లలో కట్టే టికెట్ ఆ 50 లెక్కలోకి రాదు. పడక, భోజనం, ఆటపాట అన్నీ ఓడ మీదే, అన్నీ పౌండ్లలోనే. రేవులో దిగినప్పుడు చేసే ఖర్చుకే విదేశీ డబ్బు కావాలి. అందుకే డబ్బున్నవాళ్ళకు క్రూయిజ్ ఒక మంచి దారి అయింది. 1970 జనవరిలో ఈ పరిమితిని సడలించి ఒక్కో ప్రయాణానికి 300 పౌండ్లు చేశారు.

ఇందులో ఒక పాఠం ఉంది. టికెట్ ధర ఎంత అన్నది సగం ప్రశ్నే. ఏ దేశం డబ్బులో కట్టాలి అన్నది మిగతా సగం.

ధర నేడు, ఖర్చు రేపు

1972 జూన్‌లో బ్రిటన్ పౌండును ఏ కట్టూ లేకుండా వదిలేసింది. అప్పటి నుంచి రేటు రోజూ మారుతోంది. మరుసటి ఏడాది చివర్లో చమురు ధర మండింది. కొద్ది నెలల్లోనే బ్యారెల్ 3 డాలర్ల నుంచి 11 డాలర్లు దాటింది. ఓడ ఇంధనం చమురే కదా. చమురును అమ్మేది డాలర్లలో. కాబట్టి పౌండు పడితే బ్రిటిష్ ఓడకు రెండు దెబ్బలు. చమురు ధర పెరిగిన దెబ్బ ఒకటి, డాలరు కొనడానికి ఎక్కువ పౌండ్లు పోసే దెబ్బ ఇంకొకటి.

విహార యాత్రలు నడిపే కంపెనీలు ధరలు ముందే పుస్తకంలో అచ్చువేస్తాయి. జనం చలికాలంలో అడ్వాన్సు కడతారు, ఎండాకాలంలో బయలుదేరతారు. ఈ మధ్యలో ఆరేడు నెలలు. ఆ ఆరేడు నెలల్లో రేటు మారితే నష్టం ఎవరిది? అసలు గొడవంతా ఇదే.

కొన్ని కంపెనీలు నష్టం తామే మోశాయి. కోర్ట్ లైన్ అనే కంపెనీ ఓడల వ్యాపారంతో మొదలై, తర్వాత విమానాలు, సెలవుల యాత్రలు కూడా నడిపింది. చవక ధరలకు యాత్రలు అమ్మింది. చమురు ధర పెరిగింది, జనం తగ్గారు. 1974 ఆగస్టు 15న అది కుప్పకూలింది. వేలమంది బ్రిటన్ వాళ్ళు పరాయి దేశాల్లో చిక్కుకుపోయారు. ఇంకా బయలుదేరని వాళ్ళు కట్టిన డబ్బు కోసం ఎదురుచూశారు.

మిగతా కంపెనీలు భారం ప్రయాణికుడి మీద వేశాయి. దానికి పెట్టిన పేరు సర్‌చార్జి. పుస్తకంలో ఫలానా రోజు రేటు ప్రకారం ధర కట్టాం, రేటు మారితే అదనం కట్టాలి అని చిన్న అక్షరాల్లో రాసేవారు. 1976లో పౌండు మొదటిసారి 2 డాలర్ల కిందికి దిగింది. అక్టోబర్ నాటికి 1.60 కంటే కిందికి పోయింది. బ్రిటన్ అంతటి దేశం అంతర్జాతీయ ద్రవ్యనిధి దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పు అడగాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో అడ్వాన్సు కట్టి కూర్చున్న మామూలు కుటుంబానికి, బయలుదేరే ముందు ఇంకొక బిల్లు చేతికొస్తే ఎలా ఉంటుందో మనకు చెప్పనక్కర్లేదు.

చట్టం వచ్చింది

జనం గోల పెట్టగా పెట్టగా చివరికి నిబంధనలు వచ్చాయి. యూరప్ దేశాల ఉమ్మడి ఆదేశం మీద బ్రిటన్ 1992లో ప్యాకేజీ యాత్రల నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కంపెనీ ఇష్టం వచ్చినట్టు ధర పెంచరాదు. రవాణా, ఇంధనం ఖర్చు, పన్నులు, మారకం రేటు మారితేనే పెంచాలి. అదీ ఒప్పందంలో ముందే రాసి ఉంటేనే. మొదటి 2 శాతం నష్టం కంపెనీయే భరించాలి. ప్రయాణానికి 30 రోజుల లోపు పెంచడానికి అసలు వీల్లేదు. ఆ ఏడాదే సెప్టెంబర్ 16న పౌండు మళ్ళీ కుప్పకూలింది. ఆ రోజును బ్రిటన్ వాళ్ళు నల్ల బుధవారం అంటారు.

2018 జూలై 1 నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. పెంపు 8 శాతం దాటితే ప్రయాణికుడు ఏ జరిమానా లేకుండా మానుకోవచ్చు. పెంపు సంగతి కనీసం 20 రోజుల ముందు చెప్పాలి. ఇంకో మంచి మాట కూడా వాటిలో ఉంది. రేటు పెరిగితే అదనం అడిగే హక్కు కంపెనీ ఉంచుకుంటే, రేటు కలిసొచ్చినప్పుడు తగ్గింపు అడిగే హక్కు ప్రయాణికుడికీ ఉండాలి. 

ఓడ అమ్మిన ఏడాది

ఇప్పుడు మళ్ళీ క్యూఈ2 దగ్గరికి వద్దాం. 2007 జూన్‌లో దాన్ని దుబాయ్ ప్రభుత్వ సంస్థకు 10 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించారు. అప్పుడు పౌండుకు దాదాపు 2 డాలర్లు. అంటే ఓడ ధర 5 కోట్ల పౌండ్లు. 2008 నవంబర్ 26న ఓడ దుబాయ్ చేరింది. అప్పటికి పౌండు ఒకటిన్నర డాలరుకు దిగింది. అదే 10 కోట్ల డాలర్లు ఇప్పుడు 6 కోట్ల 60 లక్షల పౌండ్ల దాకా అయ్యాయి.

మన లెక్క కూడా అదే తాడుకు కట్టి ఉంది. దిర్హామును 1997 నుంచి డాలరుకు 3.6725 చొప్పున కట్టేశారు. సౌదీ రియాలు 3.75 దగ్గర 1986 నుంచి ఉంది. డాలరు ఎటు పోతే మన జీతం అటే. 2007లో డాలరు నీరసపడింది. రూపాయి డాలరుకు 40 లోపుకు వచ్చింది. వెయ్యి దిర్హాములు పంపితే ఇంటికి చేరేది 10,700 రూపాయల చుట్టూ. ఆ ఏడాది అక్టోబర్, నవంబర్‌లలో దుబాయ్ నిర్మాణ కార్మికులు జీతాలు పెంచమని పని ఆపారు. రేటు పడి ఇంటికి చేరే డబ్బు తగ్గడం కూడా ఆ పోరాటానికి ఒక కారణం.

ఓడ దుబాయ్ చేరిన నాటికి రేటు తిరగబడింది. వెయ్యి దిర్హాములకు 13,000 పైగా వచ్చాయి. కానీ అప్పుడే ప్రపంచమంతా మాంద్యం. కట్టే భవనాలు కట్టినచోటే ఆగాయి. ఎంతోమంది పని పోయి ఇంటిదారి పట్టారు. రేటు వచ్చింది, పని పోయింది. ఆ ఓడ కూడా పదేళ్ళ పాటు పనీపాటా లేకుండా రేవులోనే పడి ఉంది. 2013 ఆగస్టులో వెయ్యి దిర్హాములకు 18,500 దాటింది. రేటు ఒక్కటే చూసి సంబరపడకూడదని 2008 మనకు నేర్పింది.

ఓడ లోపల ఏ డబ్బు?

2016 జూన్ 23న యూరప్ యూనియన్ నుంచి వైదొలగాలని బ్రిటన్ ఓటేసింది. మర్నాటికి పౌండు 1.50 నుంచి 1.32 డాలర్ల దాకా పడింది. 2022 సెప్టెంబర్ 26న 1.03 దగ్గరికి జారి, చరిత్రలోనే అతి తక్కువకు చేరింది. ఓడ మీద వెయ్యి డాలర్లు ఖర్చు చేసేవాడికి 2007లో 500 పౌండ్లు చాలు. ఆ 2022 సెప్టెంబర్ రోజున 970 పౌండ్లు కావాలి. దాదాపు రెట్టింపు.

అందుకే తెలిసిన బ్రిటన్ ప్రయాణికులు టికెట్ కొనేటప్పుడే ఓడ లోపల బిల్లు ఏ డబ్బులో వేస్తారని అడుగుతారు. పి అండ్ ఓ క్రూయిజెస్ ఓడల్లో పౌండ్లు. క్యునార్డ్ ఓడల్లో డాలర్లు. రెండూ సౌతాంప్టన్ నుంచి బయలుదేరతాయి. రెండిటికీ యజమాని కార్నివాల్ అనే ఒకే సంస్థ. అయినా రేటు పడ్డప్పుడు ఒక ఓడలో టీ ధర మారదు, ఇంకో ఓడలో మారుతుంది.

మనం నేర్చుకోవాల్సింది

ధర ఒప్పుకున్న రోజుకు, డబ్బు కట్టే రోజుకు మధ్య రేటు మారితే ఆ తేడా ఎవరో ఒకరు మోయాలి. సరదాకు తిరిగే ప్రయాణికుడికి బ్రిటన్ చట్టం ఒక గీత గీసింది. కడుపు కోసం సముద్రం దాటిన మనకు అలాంటి గీత లేదు. మన ఒప్పందంలో జీతం దిర్హాముల్లోనో రియాళ్ళలోనో రాసి ఉంటుంది. ఊళ్ళో అప్పు మాత్రం రూపాయల్లో, నూటికి రెండో మూడో వడ్డీతో పెరుగుతుంది. రేటు పడితే తేడా మోసేది మనమే.

కాబట్టి కొత్తగా వచ్చే తమ్ముళ్ళకు నాలుగు మాటలు చెప్పండి. సంతకం పెట్టే ముందు జీతం ఏ డబ్బులో అని అడగాలి. ఏజెంటు చెప్పిన రూపాయల లెక్క ఏ రోజు రేటుతో కట్టాడో అడగాలి. డబ్బు పంపేటప్పుడు బోర్డు మీద రేటు ఒక్కటే చూడకుండా, ఫీజు పోను ఇంట్లో చేతికి ఎంత అందుతుందో చూడాలి. రేటు ఇంకా పెరుగుతుందని అప్పు పెట్టుకుని డబ్బు దాచి కూర్చోకూడదు. రేటు ఎప్పుడు తిరుగుతుందో ఎవరికీ తెలియదు, వడ్డీ మాత్రం ఏ రోజూ ఆగదు.

ఈసారి పోర్ట్ రషీద్ దగ్గర ఆ ఓడ కనబడితే, పక్కనున్న వాళ్ళకు ఈ కథ చెప్పండి.