శిశువిద్యాలయానికి పునాది వేసిన పిల్లలు

ఏ నర్సరీ బడిలో అడుగుపెట్టినా కొన్ని వస్తువులు కనిపిస్తాయి. గుండ్రని, నలుచదరపు, ముక్కోణపు చెక్కముక్కలు. అవి సరిగా ఇమిడేటట్లు గుంటలు తొలిచిన పలక. వేలితో తడిమి నేర్చుకొనే గరుకు అక్షరాలు. బొత్తాములు పెట్టి తీయడం నేర్చుకొనుటకు గుడ్డ బిగించిన చట్రం. ఇవి ఆటవస్తువుల వలె కనిపించినా కేవలం వినోదం కొరకు పుట్టినవి కావు. ఆరోగ్యంగా, చురుకుగా ఉన్న పిల్లలను దృష్టిలో ఉంచుకొని తయారుచేసినవీ కావు. వీటిలో పెక్కింటిని, "వీరికి చదువు రాదు" అని పండితులు తీర్మానించి విడిచిపెట్టిన పిల్లల కొరకు కొందరు వైద్యులు కల్పించినారు. నేడు ప్రత్యేక విద్యావసరాలు గల పిల్లలని మనం పిలిచేది అటువంటివారినే.

ఈ సంగతి తెలియనందువలన ఒక పొరపాటు అభిప్రాయం వ్యాపించి ఉన్నది. వినికిడి తక్కువైన పిల్లవాడో, మాట ఆలస్యమైన పిల్లదో నర్సరీలో చేరితే అది బడికి అదనపు భారమని, వారిని చేర్చుకొనుట దయాకార్యమని చాలమంది తలుస్తారు. చరిత్ర చూచినచో విషయం తలక్రిందులుగా ఉన్నది.

అవేరాన్ బాలుడు

1800 జనవరిలో ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమైన అవేరాన్ ప్రాంతంలో, అడవులలో తిరుగుతున్న ఒక బాలుడు పట్టుబడినాడు. వయస్సు పన్నెండేళ్లు ఉండవచ్చును. మాట లేదు. ఎవరు పిలిచినా తిరిగి చూడడు. ఆ యేడే అతనిని పారిస్‌లోని జాతీయ బధిర విద్యాలయానికి తీసుకొని వచ్చినారు. ఆనాటి సుప్రసిద్ధ మానసిక వైద్యుడు ఫిలిప్ పినెల్ ఆ బాలుని పరీక్షించి, ఇది నయంకాని బుద్ధిమాంద్యమని అభిప్రాయపడినాడు. విద్యాలయ వైద్యుడైన జాన్ ఇటార్డ్ అందుకు ఒప్పుకొనలేదు. చిన్ననాటినుండి మనుషుల సహవాసం లేకపోవుటయే ఈ స్థితికి కారణమని అతడు భావించి, బాలునికి విక్టర్ అని పేరుపెట్టి, విద్య నేర్పుటకు పూనుకొన్నాడు.

ఇటార్డ్ చేసిన పని నేటి ఉపాధ్యాయులు కూడ శ్రద్ధగా గమనించదగినది. తాళంచెవి, కత్తెర వంటి వస్తువుల బొమ్మలు గీసి, ఏ బొమ్మ క్రింద ఆ వస్తువును ఉంచడం నేర్పినాడు. విక్టర్ త్వరలోనే నేర్చుకొన్నాడు. అయితే అతడు బొమ్మను చూచి పెడుతున్నాడా, లేక స్థానాన్ని గుర్తుంచుకొని పెడుతున్నాడా? ఈ సందేహం తీరుటకు ఇటార్డ్ బొమ్మల వరుస మార్చినాడు. తరువాత బల్లమీద రంగురంగుల ఆకారాలు అంటించి, వాటికి సరియైన ముక్కలను జత చేయించినాడు. ఆకారాలనుండి అక్షరాలకు, అక్షరాలనుండి మాటలకు మెల్లగా నడిపించినాడు. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయినాడో చూచి, అక్కడ ఇంకొక చిన్నమెట్టు కట్టుట ఈ పద్ధతి సారాంశం.

విక్టర్ కొన్ని మాటలు చదివి గ్రహించగలిగినాడు. కాని మాట్లాడుట రాలేదు. ఇటార్డ్ తన అనుభవాలను 1801లోను, 1806లోను రెండు నివేదికలుగా వ్రాసినాడు. విక్టర్ తన శేషజీవితమంతా గెరాన్ అనే గృహిణి సంరక్షణలో గడిపి 1828లో మరణించినాడు. అనుకున్నంత ఫలితం రాకపోయినా, వదలిపెట్టిన పిల్లవానికి కూడ క్రమపద్ధతిలో నేర్పవచ్చుననే విషయం మొదటిసారిగా కాగితంమీదికి ఎక్కినది.

సెగ్విన్ పలక

ఇటార్డ్ శిష్యుడైన ఎడ్వర్డ్ సెగ్విన్ (1812–1880) ఈ పనిని ముందుకు తీసుకొనిపోయినాడు. 1837లో ఒక బాలునితో ప్రారంభించి, కొద్ది కాలంలోనే పారిస్‌లో బుద్ధి వికాసం ఆలస్యమైన పిల్లలకు ఒక పాఠశాల నెలకొల్పినాడు. మొదట కండరాలకు శిక్షణ, తరువాత జ్ఞానేంద్రియాలకు, ఆ తరువాతనే భావాలకు అనేది అతని క్రమం. నిలకడగా నడవలేని, వస్తువును గట్టిగా పట్టుకొనలేని పిల్లవానికి పుస్తకం ఇచ్చి లాభం లేదు గదా! అందుచేత అతడు నిచ్చెనలు, మెట్లు, చెక్కముక్కలు పాఠ్యసాధనాలుగా చేసినాడు. తన పద్ధతిని వివరిస్తూ 1846లో ఫ్రెంచిలో ఒక గ్రంథం ప్రకటించినాడు. అటుపిమ్మట అమెరికాకు తరలిపోయి 1866లో ఇంగ్లీషులో మరియొక గ్రంథం వెలువరించినాడు. ఆకారాలను వాటి వాటి గుంటలలో ఇమిడ్చే పలకకు ఇప్పటికిని అతని పేరే ఉన్నది. మనదేశంలో కూడ మనోవిజ్ఞానవేత్తలు పిల్లల వికాసాన్ని అంచనా వేయుటకు దీనిని వాడుతున్నారు.

రోమ్ నగరంలో

ఈ ఇరువురి గ్రంథాలు చాలకాలం మరుగున పడి ఉన్నవి. వాటిని మరల వెలికితీసిన వ్యక్తి ఇటలీకి చెందిన మరియా మాంటిస్సోరి. ఆమె 1870లో జన్మించి, 1896లో రోమ్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందినది. మానసిక చికిత్సాలయంలో పనిచేయుచు, పిచ్చివారితోపాటు గదులలో ఉంచిన పిల్లలను చూచినది. వారికి కావలసినది మందుకంటె ముందు విద్య అని ఆమె గ్రహించినది. ఇటార్డ్, సెగ్విన్ గ్రంథాలను స్వహస్తంతో ఇటాలియన్‌లోనికి వ్రాసుకొన్నది. 1900లో రోమ్‌లో ఇటువంటి పిల్లల కొరకు, వారి ఉపాధ్యాయుల శిక్షణ కొరకు ఏర్పడిన పాఠశాలకు సహ సంచాలకురాలైనది.

అక్కడ పదకొండేళ్ల బాలిక ఒకతె ఉండెడిది. చేతులలో బలం ఉన్నది. కాని సూదితో కుట్టుట ఎంత నేర్పినా రాలేదు. మాంటిస్సోరి కుట్టుపని మాన్పించి, కాగితపు పట్టీలతో చాప అల్లుట నేర్పినది. ఒక పట్టీ పైనుండి, ఒక పట్టీ క్రిందినుండి పోనిచ్చుట అలవాటైన తరువాత తిరిగి సూది చేతికిచ్చినది. ఆ బాలిక కుట్టగలిగినది! ఒక పనిని నేర్పవలెనన్న ఆ పనినే పదేపదే చేయించనక్కరలేదు. దానికి కావలసిన కదలికను మరియొక సులభమైన పనిలో ముందుగా సిద్ధం చేయవచ్చునని దీనివలన తేలినది. వ్రాతకు కూడ ఇదే సూత్రం. కలం పట్టకముందే అక్షరపు ఒంపును వ్రేలు నేర్చుకొనవలెను. మన వీధిబడులలో ఇసుకమీద ఓనమాలు దిద్దించిన పద్ధతి ఎరిగినవారికి ఈ మాట వింతగా తోచదు.

ఈ పాఠశాలలో చదివిన కొందరు పిల్లలు సామాన్య పిల్లలతో సమానంగా చదువు, వ్రాత పరీక్షలలో నెగ్గినారు. అందరు వారిని చూచి ఆశ్చర్యపడినారు. మాంటిస్సోరి ఆశ్చర్యపడినది వారిని గురించి కాదు. ఆరోగ్యవంతులైన పిల్లలు మామూలు బడులలో అంతకంటె ముందుకు పోకపోవుటకు కారణమేమని ఆలోచించినది. 1907 జనవరి 6వ తేదీన రోమ్‌లోని సాన్ లోరెంజో అనే పేదపేటలో ఆమె తన మొదటి శిశుగృహాన్ని తెరచి, అవే సాధనాలను సామాన్య పిల్లలకు అందించినది. చెక్క అక్షరాలకు ఖర్చు ఎక్కువ అగుటచేత కాగితపు అక్షరాలు వచ్చినవి.

బెల్జియంలో ఓవిడ్ డెక్రోలీ కథ కూడ ఇట్టిదే. ఇతడును వైద్యుడే. 1901లో బ్రస్సెల్స్‌లో ప్రత్యేకావసరాలు గల పిల్లలకు విద్యాలయం స్థాపించి, అక్కడి అనుభవంతో 1907లో సామాన్య పిల్లల పాఠశాల తెరచినాడు. రెండు దేశాలలో, ఒకే సంవత్సరంలో, విద్య ఒకే దిక్కున ప్రయాణించినది.

మూసిన తలుపులు

అయితే తరువాత జరిగినది విచారకరం. సాధనాలు సామాన్యుల బడులకు చేరినవి. వాటికి కారకులైన పిల్లలు మాత్రం బయటనే ఉండిపోయినారు. 1905లో ఆల్ఫ్రెడ్ బినే, సైమన్‌తో కలిసి తయారుచేసిన బుద్ధి పరీక్ష ఉద్దేశం, ఎవరికి ప్రత్యేక సహాయం కావలెనో గుర్తించుట. కాని పెక్కుచోట్ల అది పిల్లలను వేరుచేయుటకు ఉపకరణమైనది. ఇంగ్లండులో తీవ్రమైన బుద్ధిమాంద్యం గల పిల్లలను చట్టరీత్యా విద్యకు వెలుపల ఉంచినారు. 1970లో చేసిన చట్టం 1971లో అమలుకు వచ్చేవరకు వారి బాధ్యత విద్యాశాఖది కాదు, ఆరోగ్యశాఖది!

ఈ తలుపులు తెరచుకొనుటకు శాస్త్రీయమైన సాక్ష్యం కొంత తోడ్పడినది. అమెరికాలోని అయొవా రాష్ట్రంలో హెరాల్డ్ స్కీల్స్ అనే మనోవిజ్ఞానవేత్త, వికాసం వెనుకబడిన 13 మంది అనాథ శిశువులను గమనించినాడు. అనాథాలయంలో వారిని ఎత్తుకొనువారు, మాట్లాడించువారు లేరు. వారిని బుద్ధిమాంద్యం గల స్త్రీలుండే సంస్థకు మార్చగా, అక్కడి స్త్రీలు ఒక్కొక్క శిశువును ముద్దుగా పెంచినారు. 1939లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, వీరి ప్రజ్ఞాలబ్ధి సగటున 27 పాయింట్లకు పైగా పెరిగినది. అనాథాలయంలోనే ఉండిపోయిన 12 మందికి సగటున 26 పాయింట్లు తగ్గినది. వారు పెద్దవారైన తరువాతి వృత్తాంతాన్ని స్కీల్స్ 1966లో ప్రకటించినాడు. మొదటి జట్టులోని 13 మందియు స్వతంత్రంగా జీవిస్తున్నారు. రెండవ జట్టులో ఒకరు సంస్థలోనే మరణించినారు. నలుగురు ఇంకను సంస్థలలోనే ఉన్నారు. పరిశీలించినది కొద్దిమందినే, పద్ధతిపై విమర్శలు కూడ వచ్చినవి. అయినను పసితనంలో వేసిన అంచనా శాశ్వతమైన తీర్పు కాదని, తొలి సంవత్సరాలలోని పెంపకం ఆ అంచనాను మార్చగలదని లోకానికి తెలిసినది.

నర్సరీలోనికి పునఃప్రవేశం

1965లో అమెరికాలో పేదపిల్లల కొరకు హెడ్ స్టార్ట్ పథకం ప్రారంభమైనది. అందులోని స్థానాలలో కనీసం పదవవంతు వైకల్యం గల పిల్లలకు ఇవ్వవలెనని 1972లో చట్టం నిర్దేశించినది. 1969లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పోర్టేజ్ పట్టణంలో మరియొక ప్రయోగం మొదలైనది. శిక్షణ పొందిన వ్యక్తి వారానికొకసారి ఇంటికి వెళ్లి, తల్లితో కలిసి ఒక చిన్న లక్ష్యం ఎన్నుకొంటాడు. గిన్నెను రెండుచేతులతో పట్టుకొనుట వంటిది. రోజూ చేయించి గుర్తుపెట్టుకొనుట తల్లి పని. మరుసటివారం ఫలితం చూచి తరువాతి మెట్టుకు పోతారు. తల్లిదండ్రులు ఇక్కడ సహోపాధ్యాయులు.

ఇంగ్లండులో మేరీ వార్నాక్ అధ్యక్షత వహించిన సంఘం 1978లో తన నివేదిక సమర్పించినది. పిల్లలను వైకల్యం పేరుతో వర్గాలుగా విభజించుట మాని, వారికి ఏ సహాయం కావలెనో చూడుమని అది చెప్పినది. ప్రతి ఐదుగురిలో ఒకరికి బడి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ప్రత్యేక సహాయం అవసరపడవచ్చునని అంచనా వేసినది. ఐదేళ్లలోపు పిల్లలకు ప్రథమ ప్రాధాన్యాలలో స్థానమిచ్చినది. 1981 నాటి చట్టం దీని ఫలితమే. 2001 నాటి నియమావళి నర్సరీలకు రెండు మెట్లు ఏర్పరచినది. మొదట నర్సరీయే తన బోధనలో మార్పులు చేయవలెను. అది చాలనప్పుడు బయటి నిపుణులను పిలువవలెను. 2014 చట్టం తరువాతి నియమావళిలో అంచనా, ప్రణాళిక, ఆచరణ, పునఃపరిశీలన అనే చక్రం వచ్చినది. పిల్లవాడు ఆగినచోట మరొక మెట్టు కట్టిన ఇటార్డ్ పద్ధతికి ఇది చట్టరూపం అనవచ్చును.

ఆచరణలో ఈ సహాయం పెద్ద యంత్రాలతో జరిగేది కాదు. వినికిడి తక్కువైన బిడ్డను ఉపాధ్యాయిని ముఖం స్పష్టంగా కనిపించేచోట కూర్చుండబెడతారు. తరువాత ఏమి జరుగునో తెలియక బెదిరే ఆటిజం గల బిడ్డకు ఆనాటి పనులను వరుస బొమ్మలుగా గోడకు తగిలిస్తారు. చేయి వణికే బిడ్డకు లావుపాటి పిడిగల చెంచా ఇస్తారు. మార్చవలసినది మొదట పరిసరాన్ని, వస్తువును, వేగాన్ని.

మనదేశంలో

1939లో మాంటిస్సోరి మద్రాసులోని అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా భారతదేశంలోనే ఉండి, వేయిమందికి పైగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినది. ఆమె పేరుతో బడులు వెలసినవి గాని, వాటి పుట్టుకకు కారణమైన పిల్లలు ఆ బడులలో చాలకాలం అరుదు. 1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంతో అంగన్‌వాడీలు ఊరూరికి చేరినవి. 1984లో బుద్ధిమాంద్యం గల వారి కొరకు జాతీయ సంస్థ సికిందరాబాదులో నెలకొన్నది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం వైద్యబృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించవలెను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినది. 2023 నవంబరులో కేంద్రప్రభుత్వం దివ్యాంగ శిశువుల కొరకు అంగన్‌వాడీ కార్యవిధానాన్ని విడుదల చేసినది. లోపాన్ని ముందుగా గుర్తించుట, బిడ్డను కేంద్రంలో అందరితో కలుపుకొనుట, ఆశా కార్యకర్తల ద్వారా వైద్యసహాయానికి పంపుట అందులోని మూడు అంచెలు.

చట్టాలు ఉన్నంతమాత్రాన బిడ్డకు సహాయం అందదు. అంగన్‌వాడీ టీచరు పిలిచినపుడు ఏ బిడ్డ తిరిగి చూడలేదో, ఏ బిడ్డ మూడేళ్లు వచ్చినా రెండు మాటలు కలిపి పలుకలేదో గమనించినప్పుడే పని మొదలవుతుంది. ఉన్నత పాఠశాలలో "మొద్దు" అనిపించుకొన్న పిల్లవాని వెనుక, పసితనంలో ఎవరును గమనించని చిన్న వినికిడి లోపం ఉండవచ్చును. అటువంటి పిల్లవాడు తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్నప్పుడు అతనిని ముందుకు పిలిచి, ఏ మెట్టువద్ద ఆగిపోయినాడో చూచుట ఎనిమిదవ తరగతిలో కూడ సాధ్యమే. కాని ఆ పని నాలుగేళ్ల వయస్సులో జరిగి ఉన్నచో, అతడు వెనుక బల్లకు చేరి ఉండెడివాడు కాడేమో.