శోభా నాగిరెడ్డి: మరణించాక కూడా గెలిచిన ఆళ్లగడ్డ ఎమ్మెల్యే.. అప్పుడు పోలింగ్ ఎందుకు ఆగలేదంటే?

పోలింగ్‌కు రెండు వారాల ముందే అభ్యర్థి కన్నుమూశారు. అయినా ఓటింగ్ జరిగింది. ఆమే గెలిచారు. 2014లో ఆళ్లగడ్డలో జరిగిందిది. ఆ నేత శోభా నాగిరెడ్డి. ఆమె రాజకీయ ప్రస్థానంపై ఓ లుక్కేద్దాం.

రాజకీయాల్లోకి ఇలా..

మాజీ మంత్రి ఎస్వీ సుబ్బారెడ్డి కుమార్తె శోభ. భర్త భూమా నాగిరెడ్డి ఆళ్లగడ్డ ఎమ్మెల్యేగా ఉంటూ 1996 ఉప ఎన్నికలో నంద్యాల ఎంపీగా గెలిచారు. దీంతో ఖాళీ అయిన ఆళ్లగడ్డ సీటులో 1997లో టీడీపీ నుంచి పోటీ చేసి అసెంబ్లీకి వెళ్లారు. 1999లో మళ్లీ గెలిచారు. ఆర్టీసీ ఛైర్‌పర్సన్‌గానూ పనిచేశారు. 2004లో ఓటమి ఎదురైంది.

మూడు గుర్తులు.. ఒకటే ఊరు

2009లో చిరంజీవి స్థాపించిన ప్రజారాజ్యం తరఫున గెలిచారు. ఆ తర్వాత జగన్ వెంట నడిచి, 2012 ఉప ఎన్నికలో వైసీపీ నుంచి విజయం సాధించారు. సైకిల్, రైలింజన్, ఫ్యాన్.. గుర్తు మారినా ఆళ్లగడ్డ మాత్రం ఆమెను వదల్లేదు.

ఆ రాత్రి ఏం జరిగింది?

2014 ఏప్రిల్ 23 రాత్రి. నంద్యాలలో ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డ వెళ్తున్నారు. రోడ్డుపై ఉన్న ధాన్యం కుప్పను తప్పించబోయి కారు బోల్తా పడింది. తీవ్రంగా గాయపడ్డ ఆమె మరుసటి రోజు హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ మరణించారు. వయసు 45 ఏళ్లే.

ఎన్నిక ఎందుకు వాయిదా పడలేదు?

ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 52 ప్రకారం, గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే పోలింగ్ వాయిదా వేస్తారు. అప్పటికి వైసీపీ రిజిస్టర్డ్ పార్టీ మాత్రమే, ఈసీ గుర్తింపు ఇంకా రాలేదు. అందుకే ఈవీఎంలో ఆమె పేరు అలాగే ఉంది. మే 7న జనం ఓట్లేశారు. మే 16న లెక్కిస్తే 17 వేలకు పైగా మెజారిటీ! అదే ఎన్నికల్లో భూమా నాగిరెడ్డి నంద్యాల ఎమ్మెల్యేగా గెలిచారు.

తర్వాత ఎవరు?

గెలిచిన అభ్యర్థి లేకపోవడంతో అదే ఏడాది ఉప ఎన్నిక వచ్చింది. కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 2016లో తండ్రీకూతుళ్లు టీడీపీలో చేరారు. 2017 మార్చి 12న భూమా గుండెపోటుతో కన్నుమూశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే అఖిలప్రియ మంత్రి అయ్యారు. 2024లో మళ్లీ ఆళ్లగడ్డ నుంచే గెలిచారు.